సహవేదిని

2074 నాటికి ఇంగ్లీషు టీచర్ల శిక్షణ అంటే టీ బిస్కెట్లు, స్లయిడ్లు, ఆఖర్న గ్రూప్ ఫోటో కాదు. చెవి వెనక పెసరబద్దంత యంత్రం. దాని పేరు సహవేదిని. పిల్లల మణికట్టుకు ఒక సెన్సర్ పట్టీ ఉంటుంది. అది నాడిని, చెమటను, కండరాల బిగింపును చదివి టీచరు చెవి వెనకున్న న్యూరల్ రిసీవర్‌కు పంపుతుంది. టీచరు ఏ పిల్లవాడి వైపు చూస్తే వాడి భయం టీచరు గుండెలోకి దిగుతుంది. వాడి నోరు ఎండితే టీచరు నోరూ ఎండుతుంది.

దీన్ని కనిపెట్టిన డాక్టర్ లాస్యకు ఒక పాత గాయం ఉంది. తెలుగు మీడియం నుంచి కొత్త బడికి మారినప్పుడు టీచరుగారు ఆమెను నిలబెట్టి ఇంగ్లీషులో మాట్లాడమన్నారు. ఒక్క వాక్యానికే క్లాసంతా నవ్వింది. "ఫరవాలేదు, మళ్ళీ మొదటి నుంచి చెప్పు" అన్నారు టీచరుగారు, తన నవ్వు ఆపుకుంటూ. మళ్ళీ చెప్పింది. మళ్ళీ నవ్వారు. ఆ ఏడాదంతా లాస్య బళ్ళో నోరు మెదపలేదు. ఆ క్షణాన తన గుండె ఎలా కొట్టుకుందో తెలిసి ఉంటే టీచరుగారు అక్కడితో ఆగిపోయేవారని ఆమె నమ్మకం. ఆ నమ్మకంలోంచే సహవేదిని పుట్టింది.

నమ్మకం వమ్ము కాలేదనే అనిపించింది మొదట్లో. శిక్షణలో దాన్ని పెట్టుకున్న టీచర్లు వలవలా ఏడ్చారు. కొందరు బెత్తాలు విరిచి బయట పారేశారు. ప్రయోగానికి ఎంచుకున్న బళ్ళలో ఇంగ్లీషు ఫలితాలు ఆకాశాన్నంటాయి. ఇక రాష్ట్రంలోని పిల్లలందరికీ పట్టీలు కట్టించే ఉత్తర్వు ఒక్కటే మిగిలింది. సంతకం పెట్టేముందు కళ్ళారా చూద్దామని కమిషనర్ శౌర్య, లాస్యను వెంటబెట్టుకుని ఒంగోలుకు దగ్గర్లోని ఒక బడికి వచ్చారు. ఫలితాల్లో ఆ బడిదే మొదటి స్థానం.

తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెప్పే జశ్వంత్ మాస్టారు యాభై దాటిన మనిషి, గొంతెత్తి మాట్లాడని మనిషి. పిల్లలు ఒక్కొక్కరే లేచి గడగడా ఇంగ్లీషు మాట్లాడి కూర్చున్నారు. ఎవరూ తడబడలేదు, ఎవరూ నవ్వలేదు. లాస్యకు కళ్ళు చెమర్చాయి. అంతలో ముత్యాలు అనే పిల్ల వాక్యం మధ్యలో ఆగిపోయింది. తాతమ్మల పేర్లు మళ్ళీ ఫ్యాషనైన రోజులవి.

"ఫరవాలేదమ్మా, మళ్ళీ మొదటి నుంచి చెప్పు. కాదంటే రేపు మీ అమ్మను లోపలికి పిలుస్తాను, ఆవిడ ముందు చెబుదువుగాని" అన్నారు మాస్టారు తియ్యగా.

పిల్ల ముఖం పాలిపోయింది. కానీ ఈసారి ఒక్క తప్పు లేకుండా చెప్పింది. లాస్యకు ఏదో అనుమానం వచ్చి, బల్ల మీదున్న ఇంకో రిసీవర్ తీసి చెవి వెనక పెట్టుకుంది. ముత్యాలు వైపు చూడగానే ఆమెకు గుండె ఆగినంత పనైంది.

స్టాఫ్ రూములో మాస్టారిని నిలదీసింది. వాళ్ళమ్మ మాట ఎందుకు ఎత్తారని అడిగింది.

"వాళ్ళమ్మ ఈ బళ్ళోనే వంట చేస్తది మేడం. ఆ ఊసెత్తితే ఆ పిల్లకి గుండె దడదడలాడిపోద్ది. ఆ పక్క పిల్లోడికి వాళ్ళ నాన్న తాగుడు సంగతి. ఒక్కొక్కళ్ళకి ఒక్కోటి" అన్నారాయన. ఆ గొంతులో గొప్పలు లేవు, కృతజ్ఞత ఉంది. "ఇదివరకు తెలీక అందర్నీ ఒకటే బెత్తంతో బాదేవాణ్ణి. ఇప్పుడు ఎక్కడ తగలాలో తెలుస్తంది. చెయ్యెత్తే పనే లేదు."

"ఆ బాధ మీకూ తగులుతుంది కదా?"

"మొదటి వారం నిద్ర పట్టలేదు మేడం. తర్వాత అలవాటైపోయింది."

లాస్య కమిషనర్ వైపు తిరిగి, సంతకం పెట్టొద్దంది. ఈ యంత్రాన్ని తాను వెనక్కి తీసుకుంటానంది. కమిషనర్ టీ తాగుతూ నవ్వారు. పిల్లలు మాట్లాడుతున్నారు కదా, ఆపడానికి కారణం చూపించమన్నారు.

శిక్షణలో ఉన్న టీచర్లకూ పట్టీ కడతారు, వాళ్ళ ప్రగతి కొలవడానికి. మాస్టారి చేతికీ ఉంది. లాస్య చెవి వెనక రిసీవర్ ఇంకా అలాగే ఉంది. కోపంతో ఆయన వైపు చూసేసరికి ఆయన భయం ఆమెకు తెలిసిపోయింది. కమిషనర్ నోట ఇంగ్లీషు ముక్క వచ్చినప్పుడల్లా మాస్టారి నాలుక పిడచకట్టుకుపోతోంది. ఇన్నేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్న మనిషికి పాఠం దాటి ఇంగ్లీషు మాట్లాడాలంటే వణుకు. ఎక్కడ కొట్టాలో లాస్యకు తెలిసింది. పిల్లల కోసమే కదా అనుకుంది.

"మాస్టారూ, ఇప్పుడు నాతో చెప్పిందంతా కమిషనర్ గారికి ఇంగ్లీషులో చెప్పండి."

ఆయన మొదలుపెట్టి, రెండో వాక్యంలో ఆగిపోయారు. గుమ్మం దగ్గరున్న కమిషనర్ పీఏ కిసుక్కున నవ్వాడు. మాస్టారి చెవుల్లో పుట్టిన వేడి లాస్య చెవుల్లోనూ పుట్టింది. ఆ వేడిని ఆమె ఇట్టే గుర్తుపట్టింది. అది తన చిన్ననాటిదే. అక్కడితో ఆగవచ్చు.

"ఫరవాలేదు, మళ్ళీ మొదటి నుంచి చెప్పండి" అంది మెత్తగా. "కాదంటే మీ క్లాసు పిల్లల్ని పిలిపిస్తాను, వాళ్ళ ముందు చెబుదురుగాని."

మాస్టారు లేచి నిలబడ్డారు. రెండు చేతులూ కట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా, ఒక్క తప్పు లేకుండా చెప్పారు.

"చూశారా?" అంది లాస్య కమిషనర్ వైపు తిరిగి.

"చూశాను డాక్టర్ గారూ" అన్నారు కమిషనర్. ఆయన ముఖం వెలిగిపోతోంది. "సర్వీసంతా చేసినా రానిది మీరు రెండు నిమిషాల్లో రప్పించారు. ఈ యంత్రం మా ఆఫీసర్లకు కూడా ఇప్పిద్దాం." జేబులోంచి పెన్ను తీసి ఉత్తర్వు మీద సంతకం పెట్టేశారు.

లాస్య మాస్టారి వైపు తిరిగింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. తనకు మాత్రం ఏమీ అనిపించడం లేదు. యంత్రం పాడైందేమోనని చెవి వెనక నుంచి తీసి చూసింది. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. అలవాటు పడటానికి ఆమెకు వారం కూడా పట్టలేదు.