జంట దరఖాస్తు

చేపలు పట్టే సామాను డబ్బాలో, ఎర పురుగుల టిన్ను కింద, నాలుగు మడతలు పెట్టి దాచిన ఉత్తరం దొరికింది! లినెట్ తడి చేతులు ఏప్రనుకు తుడుచుకుని, షెడ్డులోనే నిలబడి చదివింది. జీతాలు చాలనివాళ్ళకని ఇన్నేళ్ళుగా ప్రభుత్వం ఇస్తున్న టాక్స్ క్రెడిట్ ఇక రాదట. దాని బదులు యూనివర్సల్ క్రెడిట్ అనే కొత్త సాయానికి తామే దరఖాస్తు పెట్టుకోవాలట. గడువు మూడు నెలలు. ఆఖరి తేదీ... అయ్యో దేవుడా, ఇవాళే!

పొద్దున తను పనిచేసే బడి వంటగదిలో బంగాళాదుంపలు చెక్కుతూ తోటి వంటమనిషి షీలా అడగబట్టి సరిపోయింది, “మీకు ఉత్తరం రాలేదుటే? మాకు వేసవిలోనే వచ్చిందే!” అని. అందుకే ఇంటికి రాగానే అంతా వెతికింది, లేకపోతే ఆ డబ్బు ఆగిపోయాక గానీ సంగతి తెలిసేది కాదు. బార్న్‌స్లీ పక్కనున్న, ఇంగ్లండులోని ఆ పాత బొగ్గుగని ఊళ్ళో లినెట్ జీతమూ, బడి కాపలా చూసే మొగుడు బ్యారీ జీతమూ కలిపినా ఇంటి అద్దెకూ కరెంటుకూ చాలవు. టాక్స్ క్రెడిట్ వల్లనే కూతురు టెస్ కాలేజీకి వెళ్తోంది. దాచింది ఎవరో లినెట్‌కు వేరే చెప్పాలా? ఆ డబ్బాను ముట్టుకునేవాడు ఆ ఇంట్లో ఒక్కడే!

వెంటనే ఉత్తరంలో ఉన్న నంబరుకు ఫోను చేసింది. నలభై నిమిషాలు పాట వినిపించి, చివరికి ఎవరో అమ్మాయి పలికింది. “కంగారు పడకండి, సాయంత్రం ఆరులోగా ఆన్‌లైన్లో పెట్టేయండి. కానీ మీరు దంపతులు కదా, ఇద్దరూ విడివిడిగా వివరాలిచ్చి ఒప్పుకోవాలి. మీరొక్కరే చేస్తే కుదరదు” అంది. లినెట్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, ఫోనులో ఒక్కొక్క ప్రశ్నకూ జవాబు నింపింది. రెండుసార్లు తప్పు కొట్టింది, మూడోసారి మళ్ళీ మొదటినుంచి వచ్చింది. ఆఖరికి తన వంతు ముగిసి, భర్త కోసం ఒక కోడు వచ్చింది. దాన్ని పాల బిల్లు వెనక రాసుకుంది. ఇక బ్యారీ ఒప్పుకోవడమే తరువాయి.

నాలుగింటికి బ్యారీ వచ్చాడు. బల్ల మీద ఉత్తరం చూసి మొహం ఎర్రబడింది.

“నా డబ్బా ఎందుకు కదిపావు?”

“అదా నువ్వడిగేది? మూడు నెలలుగా పురుగుల కింద దాచిపెట్టి... నాకు ఒక్క మాట చెప్పాలనిపించలేదా బ్యారీ?”

“ఏం చెప్పమంటావు? టాక్స్ క్రెడిట్ వేరు! మనం పన్ను కట్టాం, దాంట్లోంచే వాళ్ళు తిరిగిచ్చారు. అది పనిచేసేవాడి సొమ్ము. ఇది ‘డోల్’, పనిలేనివాళ్ళకి సర్కారు పడేసే భత్యం! జాబ్ సెంటర్‌కి వెళ్ళి కుర్చీలో కూచుని, ‘అయ్యా, మాకింత పడెయ్యండి’ అనాలి. మా నాన్న గని మూతపడ్డాక కూడా ఆ గుమ్మం తొక్కలేదు!”

ఇరవై ఏళ్ళ కాపురంలో లినెట్ మొగుడితో గొంతెత్తి మాట్లాడిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ రోజు మాత్రం ఆగలేకపోయింది. “అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదన్నట్టుంది నీ వరస! రోజుకి రెండొందల మంది పిల్లలకి వండి వారుస్తున్నా, నేను పనిచెయ్యట్లేదా? నువ్వు చెయ్యట్లేదా? కష్టపడుతున్నా చాలట్లేదనే కదా ఇచ్చేది! పేరు మారిస్తే మన కష్టం మారిపోతుందా?”

మెట్ల మీద టెస్ నిలబడి ఉంది. పదిహేడేళ్ళ పిల్ల! ఎప్పుడు దిగిందో ఏమో, కళ్ళనిండా నీళ్ళు... “మీరు కొట్టుకోకండి. మోటర్‌వే పక్కన గోదాంలో మనుషుల్ని తీసుకుంటున్నారు. సోమవారం నుంచి చేరిపోతా. కాలేజీ లేకపోతే ఏం మునిగిపోదులే నాన్నా.”

“నోరు ముయ్యి!” అంది లినెట్. ఆ మాట అంటూనే కూతుర్ని దగ్గరకు లాక్కుని గుండెకు హత్తుకుంది. “నువ్వు నర్సు అవుతావు. అంతే. దాని గురించి ఇంక మాటల్లేవు.”

బ్యారీ కుర్చీలో కూలబడ్డాడు. కానీ ఫోను వైపు చెయ్యి చాపలేదు. కాపలా పనిలో ఊరందరూ అతన్ని ఎరుగుదురు. రేపు జాబ్ సెంటర్‌లో తెలిసినవాడెవడైనా చూస్తే? పాపం, అదే అతని బాధ. బాధేలే గానీ, దానికి పిల్ల చదువు బలిపెట్టడం ఎంత దారుణం!

ముందుగదిలో టీవీ ఆగింది. బ్యారీ తల్లి ఎడ్నా, ఎనభై దాటిన మనిషి, కర్ర ఊతంగా వచ్చి గుమ్మంలో నిలబడింది.

“మీ నాన్న ఆ గుమ్మం తొక్కలేదురా. నేను తొక్కాను.”

బ్యారీ తలెత్తి తల్లి వైపు చూశాడు.

“గనివాళ్ళంతా సమ్మె చేసిన ఏడాది. నీకు ఏడేళ్ళు. బూట్లు చిరిగి అట్టముక్కలు పెట్టుకుని బడికెళ్ళేవాడివి. డాక్టరుగారింట్లో ఇల్లు తుడుస్తున్నానని మీ నాన్నతో చెప్పాను. ఏ డాక్టరురా! ఇక్కడైతే చూస్తారని రెండు బస్సులు మారి, పక్క పట్నం డోల్ ఆఫీసులో వరసలో నిలబడేదాన్ని. మన ఊరావిడ ఒకర్తి కనబడితే మొహానికి స్కార్ఫు అడ్డం పెట్టుకున్నాను. ఆవిడా అదే చేసింది!”

“అత్తయ్యా...” అని లినెట్ లేచి ఆమెను కూర్చోబెట్టబోయింది.

“ఉండవే, చెప్పనీ. ఆ డబ్బుతో వండిన కూర తింటూ మీ నాన్న, ‘మా ఎడ్నా ఎవరి ముందూ చెయ్యి చాపలేదు’ అని మీసం దువ్వేవాడు. నేను నవ్వి ఇంకో గరిటె వడ్డించేదాన్ని. ఆయన పోయే దాకా చెప్పలేదు. చెబితే ఆ కూడు ముట్టేవాడు కాదు. మీ పౌరుషం నిలబెట్టడానికి నలభై ఏళ్ళు ఆ సిగ్గు నేనొక్కదాన్నే మోశానురా బ్యారీ. ఇప్పుడు నీ పెళ్ళాం చేత కూడా మోయిస్తావా?”

బ్యారీ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అంత లావు మనిషీ చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఎడ్నా అతని తల మీద చెయ్యి వేసి, “ఏడిస్తే ఏడిచావు గానీ, ముందు ఆ ఫోను పుచ్చుకో. టైమైపోతోంది” అంది. లినెట్ ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. టెస్ తండ్రి పక్కన కూర్చుని, ఎక్కడ నొక్కాలో చూపించింది. అతను పాల బిల్లు మీది కోడును ఒక్కొక్క అక్షరం పైకి చదువుతూ కొట్టాడు. ఆరు కావడానికి పది నిమిషాలుండగా దరఖాస్తు చేరింది.

తొమ్మిదో రోజున ఇద్దరినీ జాబ్ సెంటర్‌కు పిలిచారు. తలుపు దగ్గర బ్యారీ టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. లోపల వరస కుర్చీల్లో అతని బడిలోనే ఊడ్చే రాయ్ కూర్చుని ఉన్నాడు! ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఒక్క క్షణం బిగుసుకుపోయారు. ఇక్కడినుంచే వెనక్కి తిరుగుతాడేమో అనుకుంది లినెట్...

బ్యారీ టోపీ తీశాడు. వెళ్ళి రాయ్ పక్క కుర్చీలో కూర్చుని, “ఏం రాయ్, నీకూ వచ్చిందా ఆ ఉత్తరం?” అన్నాడు. రాయ్ ప్రాణం లేచొచ్చినట్టు నవ్వి పక్కకు జరిగాడు.

పేరు పిలిచాక, బల్లకు అవతలి అమ్మాయి కంప్యూటర్ చూస్తూ అంది, “ఆఖరి రోజు సాయంత్రం పెట్టారే! ఎందుకంత ఆలస్యం?”

పేపర్లు పోయాయనో, తెలియలేదనో ఏదో ఒకటి చెప్పి మొగుడి పరువు కాపాడదామని లినెట్ నోరు తెరిచింది. బ్యారీ ఆమె చేతి మీద చెయ్యి వేసి ఆపాడు.

“ఉత్తరం నేను దాచానమ్మా. వెతికి తీసింది మా ఆవిడ” అన్నాడు, గదిలో అందరికీ వినిపించేలా.