రెండు సీట్లూ అలాగే ఉంచమన్నారు

వరలక్ష్మీ వ్రతం ఇంకా రెండు రోజులుందనగా, బుధవారం పొద్దున్నే రాజేశ్వరి వంటింట్లో పీట వేసుకుని పక్కింటివాళ్ల వాయనాల కోసం శనగలు ఏరుతోంది. కోడలు రుచిత ఆఫీసుకు తయారవుతోంది. కొడుకు భానుచందర్ అప్పటికే వన్‌టౌన్‌లోని చీరల కొట్టుకు వెళ్లిపోయాడు. శ్రావణమాసంలో కొట్టు తెరవడం పది నిమిషాలు ఆలస్యమైనా బయట ఆడవాళ్లు బారులు తీరతారు. ఎగువన వానలు పడి బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా భవానీపురంలోని ఆ మూడో అంతస్తు ఇంట్లోకి కృష్ణ హోరు వచ్చి పోతోంది.

ఫోను మోగింది. తెలియని నంబరు.

"రాజేశ్వరి మేడమ్ గారాండీ? బెంజ్ సర్కిల్ దగ్గర టూర్ ఆఫీసు నుంచి రామతులసినండీ. సాంబమూర్తి సార్ ఉన్నారాండీ?"

"లేరమ్మా."

"ఎప్పుడొస్తారండీ? రెండ్రోజుల్నుంచి సార్ ఫోన్ ఎత్తట్లేదండీ. మేడమ్‌కి చెయ్యొద్దు, ఆవిడకి ముందే తెలియకూడదు అన్నారు గానీ, టైము లేదండీ. కెన్యా సఫారీకి మీ ఇద్దరి ఎల్లో ఫీవర్ ఇంజెక్షన్ కార్డులూ ఇంకా రాలేదు."

ఇలాంటి ఫోన్లు రాజేశ్వరికి కొత్త కాదు. పోయిన మనిషి కోసం బ్యాంకు వాళ్లూ బీమా వాళ్లూ ఇంకా చేస్తూనే ఉన్నారు. ఆమె నెమ్మదిగానే చెప్పింది.

"ఆయన పోయి పదకొండు నెలలైంది తల్లీ. ఆ ప్రయాణం అంతకుముందే మానుకున్నారు."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది.

"అదేంటి మేడమ్?" అందా పిల్ల సన్నగా. "మొన్న ఆదివారం నాతో మాట్లాడారుగా?"

"ఎవరు?"

"సారేనండీ. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు, టెంటుకి మెట్లుండకూడదని రెండుసార్లు చెప్పి మరీ రాయించారు. జీపులో కుడివైపు చివర సీటే ఇవ్వండి, ఆవిడ ఎడం చెవితోనే వింటుంది అన్నారు."

శనగల పళ్లెం ఆమె ఒళ్లోంచి జారింది. కుడి చెవి సంగతి ఇంట్లో వాళ్లకు తప్ప బయటివాళ్లకు తెలియదు. కాలేజీలో ముప్పయ్యేళ్లు జువాలజీ చెప్పినా, పక్క టేబులు దగ్గర కూర్చున్న లెక్చరర్లకు కూడా తెలియనివ్వలేదామె.

"నువ్వు చేసే నంబరు చెప్పమ్మా" అంది.

రామతులసి ఒక్కో అంకె చదువుతుంటే రాజేశ్వరి పెదవులు ఆమెకంటే ముందే కదిలాయి. అది సాంబమూర్తి నంబరే. తీయించేశానని భానుచందర్ చెప్పాడు. మూడో నెలలో ఒకరోజు మనసాగక తనే చేసి చూసింది. స్విచ్ ఆఫ్ అని వచ్చింది.

శనగలు ఎత్తుతున్న కోడలికి సంగతి చెబితే రుచిత మొహం చిట్లించింది. "ఇదేదో మోసంలా ఉందత్తయ్యా. ఉండండి, ఆ కంపెనీ గురించి ఏం రాశారో చూస్తాను." ఫోన్లో వెతికి ఇంకా తికమక పడింది. "ఒకాయనేమో జన్మ ధన్యమైంది, సింహం జీపు నీడలో పడుకుందని రాశాడు. కింద ఒకావిడ, ఎయిర్‌పోర్టులో మమ్మల్ని అనాథల్లా వదిలేశారని తిట్టింది. ఏది నమ్మాలి? మీరు మాత్రం వెళ్లకండి. సాయంత్రం ఆయనొచ్చాక చూద్దాం."

రాజేశ్వరి తలూపింది. కోడలు లిఫ్టు దిగగానే చీర మార్చుకుని ఆటో ఎక్కింది.

టూర్ ఆఫీసు ఒక మేడ మీద ఉంది. గోడ నిండా ఏనుగుల బొమ్మ. లోపల ఒక మూల, కెన్యా వెళ్లొచ్చిన దంపతులు పూతరేకుల డబ్బా పట్టుకుని కృతజ్ఞతలు చెబుతున్నారు. ఇంకో మూల మైలవరం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి బల్ల గుద్దుతున్నాడు. "ఫోటోలో చూపించిన హోటలేంటి, మమ్మల్ని తోసిన కొంపేంటయ్యా?" యజమాని డేనియల్ ఆయనకు మంచినీళ్లందిస్తూ, అటు తిరిగి పూతరేకులు తీసుకుంటూ, రెండు మొహాలు పెట్టలేక అవస్థ పడుతున్నాడు.

రామతులసికి ఇరవై రెండేళ్లుంటాయేమో. రాజేశ్వరిని చూడగానే లేచి నిలబడింది. మొహంలో రక్తం లేదు. ఫైలు తీసి ముందు పెట్టింది.

మొదటి పేజీలో సాంబమూర్తి సంతకం ఉంది. పోవడానికి నెల ముందటిది. ఆ తర్వాత ఫోన్ చేసిన రోజులు, చెప్పిన మాటలు వరసగా ఆ పిల్ల చేతిరాతలో ఉన్నాయి. అక్టోబరు, డిసెంబరు, మార్చి... జూన్లో కంపెనీ వాళ్లు ప్రయాణం అక్టోబరుకు జరిపితే సార్ కోప్పడ్డారని రాసుంది. 'రెండు సీట్లూ అలాగే ఉంచమన్నారు' అని ప్రతిసారీ చివర ఒకే మాట.

"ఆయన గొంతెలా ఉంటుందమ్మా?"

"పెద్ద గొంతండీ. మాట మొదలెట్టే ముందు ఒకసారి చిన్నగా దగ్గుతారు. నా పేరు సగం పిలవరు, పూర్తిగా రామతులసీ అంటారు. పెద్దాయనండీ, చాలా మర్యాద." ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "మేడమ్, నేను ఇన్నాళ్లూ ఎవరితో మాట్లాడానండీ?"

దయ్యాలంటే నవ్వే మనిషి రాజేశ్వరి. కప్పను కోసి గుండె కొట్టుకోవడం చూపించిన చేతులవి. అయినా ఆ క్షణాన ఆమెకు భయం కంటే ఆశే ఎక్కువ కలిగింది. అందుకు తనమీద తనకే భయమేసింది.

"ఇప్పుడు చెయ్యి" అంది. "నీ ఆఫీసు ఫోన్ నుంచి. స్పీకరు పెట్టు. నేనున్నానని చెప్పొద్దు."

ఒకసారి మోగింది. రెండుసార్లు. అయిదోసారి ఎత్తారు. చిన్న దగ్గు.

"చెప్పమ్మా, రామతులసీ."

సాంబమూర్తి గొంతే. ఆ నిదానం, 'చెప్పమ్మా' అన్నప్పుడు చివర కాస్త సాగదీయడం, పొగాకు మానేసినా పోని ఆ జీర. పూతరేకుల దంపతులు నవ్వుతూ మెట్లు దిగిపోతున్నారు. బయట బెంజ్ సర్కిల్లో బస్సులు హారన్లు కొడుతున్నాయి. ఆ రొద మధ్యలో, తను కాళ్ల బొటనవేళ్లు కట్టించి పంపించిన మనిషి మాట్లాడుతున్నాడు.

"మా ఆవిడ కార్డు సంగతేగా? చూస్తున్నానమ్మా. రెండు సీట్లూ మాత్రం అలాగే..."

రాజేశ్వరి బల్ల అంచు పట్టుకుని ముందుకు వంగింది.

"ఏవండీ" అంది.

అవతల ఊపిరి ఆగిపోయినట్టయింది. తర్వాత ఆ గొంతే, వింటుండగానే సన్నబడి, వణికి, చిన్నపిల్లాడి గొంతయింది.

"అమ్మా?"

ఆమె ఇంటికి వచ్చేసరికి భానుచందర్ హాల్లో కింద కూర్చుని ఉన్నాడు. వానలో తడిసిన చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఎదురుగా తండ్రి పాత ఫోను. అతను పిలిపించాడేమో, రుచిత కూడా ఆఫీసు నుంచి వచ్చి గోడవారగా నిలబడింది.

"ఎన్నాళ్లుగా రా?" అంది రాజేశ్వరి చెప్పులు కూడా విప్పకుండా.

"పెద్దకర్మ అయిన మర్నాటి నుంచి. నంబరు తీయించేద్దామని కొట్టులో ఫోన్ ఆన్ చేశాను. వెంటనే మోగింది. సాంబమూర్తి గారేనాండీ అందా అమ్మాయి. చనిపోయారని చెప్పడానికే నోరు తెరిచానమ్మా. 'ఆఁ, చెప్పమ్మా' అని నాన్న గొంతే వచ్చింది. నేను తెచ్చిపెట్టుకున్న గొంతు కాదు. నాకే ఒళ్లు జలదరించింది. తర్వాత... ఆ పిల్ల చేస్తానన్న రోజులకి తప్ప ఆ ఫోన్ ఆన్ చెయ్యలేదు. ఈ రెండ్రోజులూ కొట్టు రద్దీలో ఎత్తలేకపోయాను."

"చచ్చిపోయిన మనిషిలా మాట్లాడటం ఏంటండీ?" రుచిత ఉండబట్టలేకపోయింది. "పాపం, ఆ పిల్ల వణికిపోయి ఉంటుంది. అత్తయ్యకు ఏమన్నా అయ్యుంటే?"

"నువ్వుండమ్మా" అంది రాజేశ్వరి. ఆమె కోపం అది కాదు. "ఒరేయ్, పదకొండు నెలలుగా ఆ గొంతు కోసం ఈ ఇంట్లో వెతకని చోటు లేదు. నీ పెళ్లి వీడియో మొత్తం చూశాను. ఆయన పెదవులు కదులుతాయి, పైన సన్నాయి తప్ప ఏమీ వినపడదు. ఒక్క మాట దొరకలేదు నాకు. నువ్వేమో దాన్ని కొట్టులో సొరుగులో పెట్టుకుని, తాళం వేసుకుని, నువ్వొక్కడివే వింటావా?"

భానుచందర్ తల ఎత్తలేదు. "నాతో మాట్లాడలేదమ్మా నాన్న. చివరి పద్దెనిమిది రోజులు."

ఆ టిఫిన్ల వేళ ముగ్గురికీ గుర్తొచ్చింది. అమ్మను ఆఫ్రికా తీసుకెళ్తానని సాంబమూర్తి ఉత్సాహంగా చెప్పాడు. ఈ వయసులో ఇదేం పిచ్చి అని కొడుకు విరుచుకుపడ్డాడు. మాటా మాటా పెరిగి, "ఆ అడవుల్లో నీకేదన్నా అయితే మోసుకురావడానికి నేను రాను" అనేశాడు. ఇడ్లీ వదిలేసి లేచిపోయిన తండ్రి, మర్నాడు మానుకున్నానని భార్యతో మాత్రం చెప్పాడు, టూర్ ఆఫీసుకు చెప్పనేలేదు. పద్దెనిమిదో రోజు కొట్టులోనే, చీర మడత పెడుతూ పక్కకు ఒరిగిపోయాడు.

"మోసుకెళ్లింది నేనేగా" అన్నాడు భానుచందర్. "ఆ అమ్మాయితో ఆయనలా మాట్లాడుతుంటే, ఆయనింకా ఆ ప్రయాణం మానుకోలేదని, నా మాట ఆయన చెవిన పడనే లేదని అనిపించేదమ్మా. ఫోన్ పెట్టేశాక ఎవరో గదిలోంచి లేచి వెళ్లిపోయినట్టుండేది. మళ్లీ ఎప్పుడు చేస్తుందా అని చూసేవాణ్ణి."

రాజేశ్వరి అక్కడే, వాడి పక్కన నేలమీద కూర్చుంది. మోకాళ్లు కలుక్కుమన్నాయి.

"నువ్వు ఒక్కడివే అన్నావా?" అంది. "నేను ఆ రోజు వంటింట్లోనే ఉన్నాను. నాకు వెళ్లాలనుంది రా. ఏనుగు గురించి ముప్పయ్యేళ్లు పాఠం చెప్పాను, ఒక్క ఏనుగునూ అడవిలో చూడలేదు. ఆయనకది తెలుసు. 'చెప్పు, నువ్వు వస్తావా లేదా' అని తలుపు దగ్గర నిలబడి అడిగారు. నీకు కోపం వస్తుందని, నాకెందుకండీ అన్నాను. నీ మాటకి కాదు, నా మాటకే ఆయన మొహం వాడిపోయింది. నేను చూశాను."

కిటికీలోంచి నది హోరు వచ్చింది. ఎవరూ లైటు వేయలేదు. ముగ్గురి మధ్యా నేలమీద ఆ నల్లటి ఫోను, ఎవరో మాట మధ్యలో ఆపేసినట్టు పడి ఉంది.

రుచితే దాన్ని తీసి భర్త చేతిలో పెట్టింది. "ఆ అమ్మాయికి నిజం చెప్పండి. మీ గొంతుతో."

పెద్దకర్మ కార్డులు మామయ్యలు పంచారు. కొట్టుకు వచ్చినవాళ్లకు గుమాస్తా చెప్పాడు. ఈ పదకొండు నెలల్లో ఆ ఒక్క వాక్యం భానుచందర్ నోటివెంట రాలేదు. నంబరు నొక్కి మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఎక్కడ ఆ దగ్గు వస్తుందోనని రాజేశ్వరి బిగుసుకుపోయింది.

"రామతులసి గారూ, నేను భానుచందర్‌ని. సాంబమూర్తి గారి అబ్బాయిని." ఆగాడు. "మా నాన్నగారు... చనిపోయారండీ."

ఆ పిల్ల అటు, వాడు ఇటు ఒక్కసారే ఏడ్చారు.

సంవత్సరీకం అయ్యాక, అక్టోబరులో తల్లీ కొడుకులు బయల్దేరారు. "మీరిద్దరే వెళ్లండి, అదే బాగుంటుంది" అని రుచిత పెట్టె సర్దింది. డేనియల్ తనే తిరిగి భానుచందర్ పేరు మీద కొత్త టికెట్టు వేయించాడు, హైదరాబాదులో ఇంజెక్షన్లు దగ్గరుండి ఏర్పాటు చేశాడు. అంత చేసినవాడు నైరోబీలో మాత్రం రెండున్నర గంటలు పడిగాపులు పడేట్టు చేశాడు. చివరికి వచ్చిన డ్రైవరు పట్టుకున్న అట్టమీద ఇంగ్లీషులో 'మిస్టర్ అండ్ మిసెస్ సాంబమూర్తి' అని ఉంది. భానుచందర్ కాళ్లు అక్కడే పాతుకుపోయాయి. "పద నాన్నా, మన కోసమే" అంది రాజేశ్వరి. టెంటుకు ఏడు మెట్లున్నాయి. శాకాహారమంటే మూడు పూటలా చిక్కుడు గింజలే. జీపులో మాత్రం కుడివైపు చివర సీటు ఆమెకే ఉంచారు.

మూడో రోజు మధ్యాహ్నం డ్రైవరు ఉన్నట్టుండి ఇంజను ఆపేసి, మాట్లాడొద్దని వేలు చూపించాడు. ఎండిన గడ్డిలో ఏవో తెల్లగా ఉన్నాయి. ఒక ఏనుగు ఎముకలు. చుట్టూ పదకొండు ఏనుగులు. ఒక్కటీ గడ్డి పీకడం లేదు. పిట్ట కూడా కూయడం లేదు. అంతంత శరీరాలు అడుగు తీసి అడుగు వేస్తున్నా చప్పుడే లేదు. ఒక్కొక్కటీ ముందుకు వచ్చి, తొండం చివరతో ఆ పుర్రెను, దవడను, దంతాలు ఉండాల్సిన రంధ్రాలను తడుముతోంది. ఒక ముసలి ఆడ ఏనుగు వెనుక కాలు ఎత్తి, అరిపాదంతో ఒక ఎముకను మెల్లగా తాకి, అలాగే నిలబడిపోయింది.

రాజేశ్వరి పాఠం చెప్పిన పుస్తకంలో ఇది నాలుగు లైన్లు.

"ఏం చేస్తున్నాయమ్మా?" భానుచందర్ గుసగుసగా అడిగాడు.

"తెలియదు రా. ఎవరికీ తెలియదు. వదిలి వెళ్లలేవు, అంతే."

అతను ఆమె ఎడమ పక్కకు ఇంకా దగ్గరగా జరిగాడు. "ఆ రోజు ఫోన్లో ఏవండీ అన్నావు కదా. నిజంగా నాన్నే అనుకున్నావా?"

ముసలి ఏనుగు ఇంకా కదల్లేదు.

"అనుకున్నాను" అంది. "ఒక్క క్షణం. నేను వస్తానండీ అని చెప్పేద్దామనుకున్నాను. నువ్వు అమ్మా అనేశావు."

భానుచందర్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. చప్పుడు కాకుండా ఏడవడం అతనికి చేతకాలేదు. ఒకటి రెండు ఏనుగులు చెవులు విప్పి ఇటు చూశాయి. డ్రైవరు కంగారుపడ్డాడు. రాజేశ్వరి మాత్రం కొడుకు తల తన భుజానికి లాక్కుని, ఏడవనిచ్చింది.

చాలాసేపటికి మంద కదిలింది. ముసలిది అన్నిటికంటే చివర బయల్దేరింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూసింది, మళ్లీ నడిచింది. అది గడ్డిలో కలిసిపోయేదాకా చూసి, రాజేశ్వరి కొంగుతో కొడుకు మొహం తుడిచి, డ్రైవరు భుజం తట్టింది.

"పోదాం బాబూ" అంది తెలుగులోనే. డ్రైవరుకు అర్థమైంది.