పదో కాపీ

"చెత్త అన్నది మీరేనా?"

గుమ్మంలో గొడుగు కూడా ముడవకుండా నిలబడి అడిగింది ఆ అమ్మాయి. బయట వాన, లోపల ఆమె కోపం. రెండింట్లో ఏది తగ్గేలా ఉందో తెలియలేదు.

వెబ్‌సైట్ల బాగోగులు చూసుకుంటూ బతికే మనవాడు కుర్చీలోంచి సగం లేచి అక్కడే ఆగిపోయాడు. అన్న మాట నిజమే. పొద్దున ఫోన్లో, "మీ సైట్‌లో చెత్త బాగా పేరుకుందండీ. మీరు ఊ అంటే ఊడ్చేస్తాను" అన్నాడు. ఠక్కున ఫోన్ పెట్టేసింది. గంట తిరక్కుండా మనిషే వచ్చేసింది.

వాళ్లది కుట్టుమిషన్ల షాపు. మిషన్లు విప్పి బాగుచేసేది నాన్న. కౌంటరూ, ఆన్‌లైన్ ఆర్డర్లూ చూసేది ఈ అమ్మాయి.

"అయ్యో, చెత్తంటే ఆ చెత్త కాదండీ! పోస్టు దిద్ది సేవ్ చేసిన ప్రతిసారీ, పాతది కూడా సైట్ దాచిపెడుతుంది. సూదిలో దారం ఎక్కించడం మీద ఒక్క పోస్టుంది చూశారా, దానికే అరవై నాలుగు పాత కాపీలు! ఫొటోలేమో ఒక్కోటీ గోడంత. సైట్ తెరుచుకోవడానికి పదకొండు సెకన్లు పడుతోంది. కస్టమరు అంతసేపు ఆగుతాడా?"

ఆమె గొడుగు ముడిచింది. గొంతు కూడా తగ్గింది.

"ఆ పోస్టులు అమ్మ రాసినవి. అమ్మ పోయి రెండేళ్లయింది. డిలీట్ చేసేశారా?"

"లేదండీ. మీరు ఊ అనలేదుగా."

ఆమె హమ్మయ్య అని కుర్చీలో కూలబడింది. మనవాడు స్క్రీన్ ఆమె వైపు తిప్పి, మొదటి కాపీ తెరిచాడు.

'సూదిలో దారం ఎక్కించడం రానివాళ్లు మిషన్ కొనకండి.'

"అమ్మే!" అంది ఆమె ఫక్కున నవ్వి. "అచ్చం ఇలాగే కసిరేది."

ఇరవయ్యో కాపీ: 'రాకపోతే మా షాపుకి రండి, నేర్పుతాం.'

అరవై నాలుగోది: 'రాకపోయినా ఫర్వాలేదు. నాకూ వచ్చేది కాదు. మా ఆయనే నేర్పారు.'

నవ్వుతున్న ఆమె కళ్లు నిండిపోయాయి. మనవాడు ఏం చేయాలో తోచక, కీబోర్డు మీద లేని దుమ్ము తుడిచాడు.

ఆ వారమంతా ఆ సైట్ మీదే కూర్చున్నాడు. ఫొటోలు కుదించాడు. సైట్‌కి ఎప్పుడో తగిలించి ఎవరూ వాడని ప్లగిన్లు పీకేశాడు. అమ్మ కాపీలు ఒక్కటీ పోకుండా వేరే చోటికి మార్చి, నాన్న చదువుకోవడానికి వీలుగా వరసలో పెట్టాడు. పదకొండు సెకన్లు రెండయ్యాయి.

"నాన్న మధ్యాహ్నం భోంచేశాక రోజుకో కాపీ చదువుతున్నారు. చాలా థాంక్సండీ" అంది ఆమె.

సైట్ నడిచినన్నాళ్లు అతనున్నాడనే ఎవరికీ గుర్తుండదు. ఆగితే మాత్రం అందరి తిట్లూ అతనికే. ఆరేళ్ల సర్వీసులో థాంక్స్ వినడం అదే మొదటిసారి. ఇంటికెళ్లేదాకా ఆ మాటే నెమరేసుకున్నాడు.

ఆ తర్వాత అప్‌డేటని ఒకసారి, బ్యాకప్ అని ఒకసారి షాపుకి రావడం మొదలుపెట్టాడు.

"మా సైట్‌కి జలుబైనా చేయలేదు. వారానికి రెండుసార్లు నాడి చూస్తున్నారేంటి?" అనేది ఆమె.

"ముందుజాగ్రత్తండీ!"

మిషన్ వెనకాల నాన్న చిన్నగా దగ్గేవాడు.

ఇలా ఉండగా సైట్‌లో అక్షరాలకి కొత్త ఫాంటు పెట్టాల్సి వచ్చింది. మనవాడు బయటివాళ్లకి కనబడని టెస్ట్ సైట్‌లో పని చేసుకుని, ఒకరోజు పొద్దున్నే దాన్ని అసలు సైట్ మీదికి ఎక్కించాడు. పదింటికి ఫోన్ మోగింది.

"మా సైట్‌లో 'షాపులో ఆవిడ' అని పోస్టుంది. ఎవరండీ ఆవిడ? ఇప్పటికి ముగ్గురు కస్టమర్లు అడిగారు."

అది మనవాడిదే. ఫాంటు ఎలా కనిపిస్తుందో చూడటానికి రాసుకున్న పోస్టు! తీసేయడం మర్చిపోయాడు.

"సారీ అండీ, ఇప్పుడే తీసే..."

"ఆగండాగండి. పాత కాపీలన్నీ చదివాను."

ఇక షాపు గడప తొక్కనివ్వదనుకున్నాడు.

ఆమె చదవడం మొదలుపెట్టింది. "మొదటిది, 'ఇది ఫాంటు కోసం రాసిన వాక్యం.' రెండోది, 'షాపులో ఆవిడకి కోపమెక్కువ.' ఐదోది, 'ఆవిడ కోపంలో న్యాయముంటుంది.' తొమ్మిదోది, 'ఆవిడ థాంక్స్ చెప్పిన రోజు నుంచి నా పని నాకు నచ్చుతోంది. ఆవిడంటే నాకు' అని ఆపేశారు. అంతేనా?"

"ధైర్యం చాల్లేదండీ."

"పదోది నేను రాశాను, చూసుకోండి."

గబగబా తెరిచాడు. తొమ్మిదో కాపీలో అతను ఆపిన చోటు నుంచి ఆమె పూర్తిచేసింది: '...ఇష్టమైతే సాయంత్రం వచ్చి నోటితో చెప్పాలి. ఆవిడకీ ఇష్టమే.'

మనవాడు ఆ వాక్యం మళ్లీ మొదటినుంచీ చదువుకున్నాడు.

"కింద ఒక కామెంటుంది. మీరు ఓకే చేస్తేగానీ బయటికి కనబడదట" అంది ఆమె. "ఒక్కో అక్షరం వెతుక్కుంటూ గంటసేపు కొట్టారు నాన్న."

'బాబూ, ఊడ్చేయాల్సిన చోట నువ్వు మా ఆవిణ్ణి దాచిపెట్టావు. నీకు రుణపడ్డాను. తనుంటే నీ పోస్టు ఇంకో నాలుగుసార్లు దిద్దేది. నాకు మాత్రం ఇలాగే బావుంది. సాయంత్రం భోజనానికి వచ్చేయ్.'

దాని పక్కన ఎప్పుడూ ఉండే మాటే ఉంది: 'ఆమోదం కోసం వేచి ఉంది.'

మనవాడు కళ్లు తుడుచుకుని, 'ఆమోదించు' నొక్కాడు.