పాడు చేయాల్సిన రైఫిల్

"కందిరీగల మందు దొరుకుతుందా?" ఫోన్‌లో అవతలి గొంతు అడిగింది.

వెర్నర్ నిస్కనెన్ కిటికీలోంచి బయటకు చూశాడు. మోకాటి లోతు మంచు. నవంబర్ నెల. ఈ కోడ్ వాక్యం తయారుచేసిన మహానుభావుడెవరో గానీ, ఉత్తర మిషిగన్‌లో కందిరీగ అనేది ఏ నెలలో ఉంటుందో కనుక్కున్న పాపాన పోలేదు.

"లేదు. బొద్దింకల మందే ఉంది," అన్నాడు పళ్లు నూరుతూ.

షాపులో కూర్చున్న రైతు పగలబడి నవ్వాడు. "ఏమయ్యా వెర్నర్! తుపాకులు బాగుచేయడం మానేసి పురుగుల మందు వ్యాపారం పెట్టావా?"

"నీకేం కావాలో చెప్పవయ్యా బాబూ, ముందు!"

"నా తుపాకీ స్కోప్ సంగతి పొద్దుట్నుంచీ చెబుతూనే ఉన్నానుగా!"

జింకల వేట సీజన్ దగ్గర పడితే ఇదే గోల. ఏడాది పొడుగునా అటక మీద పడుండే తుపాకీ ఆ ఒక్క వారంలోనే అందరికీ గుర్తొస్తుంది. వెర్నర్ రైతును ఎలాగో సాగనంపి, వెనక గదిలో గడియ పెట్టుకుని, పెయింటు డబ్బాల చాటున్న రెండో ఫోన్ తీశాడు. అవతల గూఢచారి శాఖ చీఫ్ ప్రూయిట్. ఊళ్లో అందరికీ వెర్నర్ తుపాకుల మెకానిక్. ప్రూయిట్ ఫైళ్లలో మాత్రం ఏజెంట్ లింక్స్. అతని పని ఒకే ఒక మనిషిని ప్రాణాలతో ఉంచడం.

"ఎమిల్ కోసం మనిషి బయలుదేరాడు," అన్నాడు ప్రూయిట్.

ఎమిల్ రోష్ ఊళ్లో బేకరీ నడిపే ముసలాయన. ఒకప్పుడు శత్రుదేశంలో రాకెట్ ఇంధనం తయారుచేసిన శాస్త్రవేత్త. రహస్యాలతో సహా ఇటు పారిపోయి వచ్చాడు. ఆ దేశపు ముఠా అప్పట్నుంచీ ఆయన్ని వెతుకుతోంది.

"ఎప్పుడు?"

"సీజన్ మొదటి రోజు పొద్దున. అడవి నిండా మనుషులు, తూటాలు. ఒకటి ముసలాయనకు తగిలితే, పాపం పొరపాటున తగిలిందంటారు. కేసు కూడా ఉండదు."

"వాణ్ని ఇప్పుడే పట్టుకుందాం సార్."

"వాణ్ని పట్టుకుంటే వాడొక్కడే దొరుకుతాడు. పని అయ్యిందని కబురందితే వాళ్ల పెద్ద తలకాయే విమానంలో వచ్చి వాణ్ని ఎక్కించుకుంటాడు. నాకు ఇద్దరూ కావాలి."

"అంటే ఎమిల్‌ని ఎరగా వేస్తున్నామా?"

"అంత మాటెందుకు? వాడి రైఫిల్ నీ చేతికే వస్తోంది. ముఠాలో ఉన్న మన మనిషి మార్లిస్ వాణ్ని నీ షాపుకి పంపింది. దాన్ని పాడు చెయ్."

"వాడు టెస్ట్ చేసి చూసుకోడా సార్?"

"టెస్ట్‌లో బాగా పేలాలి. అడవిలో పేలకూడదు. ఆ మాత్రం నువ్వు చేయలేవా?" ఫోన్ పెట్టేశాడు.

చేయలేవా అట! ఆయన జన్మలో ఒక్క స్క్రూ బిగించిన మనిషి కాదు.

మర్నాడే వచ్చాడు వాడు. గ్రాంట్ ఎలిసన్. దక్షిణాది రేవు పట్నంలో ఇన్సూరెన్స్ ఏజెంటునని చెప్పుకున్నాడు. నారింజ రంగు వేట కోటు కొత్తది, మడతలు కూడా పోలేదు. ప్రతి తూటాకూ గొళ్లెంలాంటి బోల్ట్ లాగి పేల్చే రైఫిల్ ఒకటి బల్ల మీద పెట్టాడు.

"చెక్క నా చేతికి తగ్గట్టు మార్చాలి. ట్రిగ్గర్ తేలిక చేయాలి. గురి చూసే స్కోప్ కొత్తది బిగించాలి. సీజన్ మొదలయ్యేలోపు ఇస్తే చాలు, కానీ పని మాత్రం సరిగ్గా ఉండాలి."

"జింకకేనా?"

"ఇంకెందుకు?" నవ్వాడు ఎలిసన్. తూటాలు మాత్రం ఇవ్వలేదు. స్వయంగా తయారుచేసుకుంటాడట, జేబులోంచి బయటకు తీయడట. తూటాలు మార్చేద్దామనుకున్న వెర్నర్ ఆశ అక్కడే చచ్చిపోయింది.

మొదట స్కోప్ కింది స్క్రూ ఒకటి సగమే బిగించాడు. నాలుగు గుళ్లు పేలేసరికి అదిరి కదిలిపోతుందని లెక్క. ఎలిసన్ ఊరి బయట కంకర గుంతలో కాల్చి చూసి, గంట తిరక్కుండానే వచ్చాడు.

"ఏమండీ, ఇది వదులుగా ఉంది."

"అయ్యో, పొరపాటు," అన్నాడు వెర్నర్. కస్టమర్ కళ్లముందు జిగురు వేసి మరీ బిగించక తప్పింది కాదు. ఇంక ఆ స్కోప్ సుత్తితో కొట్టినా కదలదు.

తర్వాత బ్యారెల్ గొట్టం కింది చెక్కను ఒకచోట కాస్త ఎత్తుగా వదిలాడు. బ్యారెల్ వేడెక్కితే చెక్క దాన్ని పక్కకు నెట్టాలి, గురి తప్పాలి. ఎలిసన్ షాపులోనే నిలబడి, చెక్కకూ బ్యారెల్‌కూ మధ్య కాగితం ముక్క జొనిపి ఈ చివర్నుంచి ఆ చివరికి లాగాడు. మధ్యలో ఆగింది.

"ఇక్కడ తగులుతోంది. మీవంటి పనివాళ్లు ఇలా వదిలేస్తారా?"

వెర్నర్ చెవులు ఎర్రబడ్డాయి. శత్రువు దొరకబట్టినందుకు కాదు, చేతకాని పనివాడన్నట్టు మాట్లాడినందుకు. చెక్కను మొత్తం మళ్లీ చెక్కి, కాగితం జారిపోయేలా చేసి ఇచ్చాడు.

ఈలోగా ప్రూయిట్ గారి లేబరేటరీ ఒక అద్భుతం పంపింది. బఠాణీ గింజంత యంత్రం. ట్రిగ్గర్‌లో దాచాలి, దూరం నుంచి మీట నొక్కితే ట్రిగ్గర్ బిగుసుకుపోవాలి. వెర్నర్ దాన్ని రాత్రంతా వసారాలో ఉంచి, పొద్దున మీట నొక్కాడు. కిక్కురుమనలేదు. చలికి బ్యాటరీ చచ్చింది.

"ఇక్కడ మా గదిలో బ్రహ్మాండంగా పనిచేసిందే!" అన్నాడు ప్రూయిట్.

"మీ గదిలో మంచు లేదు సార్."

ఆ యంత్రం ఇరికించడానికి ట్రిగ్గర్‌ని విప్పి గరుకు చేసినందుకు ఎలిసన్ మళ్లీ ఫిర్యాదు చేశాడు. వెర్నర్ మళ్లీ నునుపు చేయాల్సి వచ్చింది. పాడు చేద్దామని ముట్టుకున్న ప్రతిసారీ ఆ రైఫిల్ ఇంకొంచెం బాగుపడుతోంది. ఇదెక్కడి ఖర్మరా దేవుడా అని తల పట్టుకున్నాడు.

ఇంక మిగిలింది ఎమిల్‌ని బతిమాలడమే. బేకరీకి వెళ్లాడు.

"బాబాయ్, మొదటి రోజు ఒక్కటీ ఇంట్లో ఉండు. నా మాట విను."

ఎమిల్ రొట్టెల కోసం రై పిండి పిసుకుతూనే ఉన్నాడు. "వచ్చాడా వాళ్ల మనిషి?"

వెర్నర్ బేకరీ తలుపు దగ్గరగా వేశాడు.

"ఒకసారి నా ఇల్లు వదిలి పారిపోయాను అబ్బాయ్. పెళ్లాం సమాధి కూడా అక్కడే వదిలేశాను. ఇంక ఈ ముసలితనంలో, జింక కోసం కట్టుకున్న చెక్క మంచె కూడా వదిలి పారిపోవాలా? కుదరదు. నన్ను కాపాడటం నీ ఉద్యోగం, వెళ్లి చేసుకో."

"నువ్వు చస్తే నా ఉద్యోగం ఏమవుతుందని కాదు బాబాయ్ నా బాధ..."

"తెలుసులే. ఈ రొట్టె తీసుకుపో."

సీజన్ ముందు రోజు కంకర గుంతలో ఆఖరి టెస్ట్. వెర్నర్ కూడా వెళ్లాడు. ఎలిసన్ పడుకుని గురిపెట్టి మూడుసార్లు కాల్చాడు. ఇద్దరూ నడుచుకుంటూ వెళ్లి అట్టను చూశారు. మూడు తూటాలూ ఒకే చిల్లులోంచి పోయాయి. చిల్లు మాత్రం కొద్దిగా పెద్దదైంది.

"మీరు కళాకారులండీ," అన్నాడు ఎలిసన్, చెయ్యి కలుపుతూ.

వెర్నర్ గుండె ఒక్క క్షణం పొంగింది. జీవితంలో అంత మంచి రైఫిల్ తను చేయలేదు. మరుక్షణం ఆ చిల్లు ఎమిల్ టోపీలో కనిపించింది. తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది. ఇంటికొచ్చి, సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు.

సాయంత్రం మార్లిస్ షాపులోకి వచ్చింది. పైకి స్కోప్‌ల కంపెనీ సేల్స్ మనిషి. లోలోపల ముఠాకు వార్తలు మోసే మనిషి. ఆ వార్తలు ప్రూయిట్‌కూ మోస్తుంది. ఎర్ర స్కార్ఫ్, ఎత్తు మడమల బూట్లు. ఆ బూట్లతో మంచులో జారకుండా ఎలా నడుస్తుందో ఊరిలో ఎవరికీ అంతుపట్టలేదు.

"ఏమైంది?" అంది.

"ఏమవుతుంది? నా మొహం! కళ్లు మూసుకుని కాల్చినా తగిలే తుపాకీ చేసిపెట్టాను. ఇంతకీ నువ్వు ఎవరి మనిషివి మార్లిస్?"

"ఇవాళా? నీ మనిషినే."

"వేళాకోళం వద్దు. రేపు ఆ ముసలాయన చస్తాడు."

"అరవకు. రాత్రికి ఎలిసన్ నన్ను వాడి క్యాబిన్‌కి భోజనానికి పిలిచాడు. నేను చూసుకుంటాను."

"ఏం చూసుకుంటావు? వాడు గ్లాసులో చుక్క కూడా ముట్టడు. తూటాలు తలగడ కింద పెట్టుకుంటాడు!"

"ఈ ఊరి ఆడవాళ్లతో నాలుగు రోజులు కబుర్లు చెప్పాను వెర్నర్. నువ్వెప్పుడైనా చెప్పావా?" అని వెళ్లిపోయింది. వెర్నర్ కోపంతో ఆకురాయిని గోడకేసి కొట్టాడు.

నవంబర్ పదిహేను. తూరుపు తెలతెలవారుతోంది. పాదాల కింద మంచు కరకరలాడేంత చలి. వేట మొదటి రోజని ఊళ్లో స్కూలుకు కూడా సెలవు. దూరాన అక్కడొకటి ఇక్కడొకటి తుపాకులు పేలడం మొదలైంది. ప్రతి చప్పుడుకూ వెర్నర్ అడుగు జోరు పెంచుతున్నాడు. ఎలిసన్ బూట్ల జాడ పట్టుకుని దేవదారు చెట్ల మధ్య పరుగెడుతున్నాడు.

వాడు కనిపించాడు. మోకాలి మీద కూర్చుని, పడిపోయిన మాను మీద రైఫిల్ ఆనించి, ఎదర మంచె వైపు గురిపెట్టి ఉన్నాడు. మంచెలో ఎమిల్ నారింజ టోపీ. వెర్నర్ తుపాకీ ఎత్తాడు. మధ్యలో ఒకదాన్నొకటి ఆనుకుని చెట్లు. కాల్చడానికి జానెడు సందు లేదు.

"బాబాయ్! పడుకో!" గొంతు చించుకుని అరిచాడు.

ఎమిల్ పడుకోలేదు. ఎవర్రా అది అన్నట్టు లేచి నిలబడ్డాడు.

ఎలిసన్ ట్రిగ్గర్ నొక్కాడు.

టిక్.

అంతే. నీరసమైన ఒక చప్పుడు. ఎలిసన్ బోల్ట్ లాగి, ఆ తూటా పారేసి, ఇంకొకటి ఎక్కించి మళ్లీ నొక్కాడు. టిక్. మూడోసారి బోల్ట్ మీద చెయ్యి వేసేలోపు వెర్నర్ వాడి మీద పడ్డాడు. ఇద్దరూ మంచులో దొర్లారు. తుపాకీ మడమతో దవడ మీద ఒక్కటిచ్చాడు. ఆ దెబ్బలో రోజుల తరబడి దిగమింగిన కోపమంతా ఉంది. ఎలిసన్ మళ్లీ లేవలేదు.

వాడి చేతులు కట్టేశాక, వెర్నర్ రోజుకొకసారి విప్పి బిగించిన ఆ రైఫిల్ బోల్ట్‌ను ఆఖరిసారి విప్పాడు. తూటా వెనక కొట్టే సూది, దాని స్ప్రింగు, రెండూ తెల్లగా మంచు గడ్డలో ఉన్నాయి. సూది కదిలిందే గానీ, తూటాను పేల్చేంత జోరు దానికి లేదు.

సంగతి ఆ క్షణంలోనే అర్థమైంది. సీజన్‌లో తుపాకీ వసారాలోనో, ట్రక్కులోనో చలిలోనే పడుకోవాలి. వెచ్చటి గదిలోకి తెస్తే చల్లటి ఇనుము చెమరుస్తుంది. తెల్లారి బయటకు తీసుకెళితే ఆ చెమ్మ గడ్డకడుతుంది. ఇక్కడ పుట్టినవాడెవడూ తుపాకీని ఇంట్లోకి తేడు. అందుకే అది వెర్నర్ బుర్రకు తట్టనే లేదు.

ట్రక్కు దగ్గర మార్లిస్ కాఫీ తాగుతోంది.

"ఏం చేశావు?"

"ఏమీ చేయలేదు. ఊరి ఆడవాళ్ల దగ్గర విన్న ముక్కే వాడుకున్నాను. ఇంత అందమైన తుపాకీని రాత్రంతా చలిలో వదిలేయడానికి నీకు మనసెలా వస్తుందని వాణ్ని అడిగాను. పాపం, వెంటనే లోపలికి తెచ్చి పొయ్యి పక్కన నిలబెట్టాడు."

"ఆ ముక్క నాకు నిన్నే చెబితే నీ సొమ్మేం పోయింది?"

"చెబితే దానిక్కూడా ఏదో ఒక రిపేరు చేసి బాగుచేసేవాడివి."

ఎమిల్ పని పూర్తయిందని మార్లిస్ ముఠాకు కబురు పంపింది. మధ్యాహ్నం చిన్న విమానం దిగింది. దిగిన పెద్దమనిషికి ప్రూయిట్ స్వయంగా చేతికి బేడీలు తొడిగాడు.

నిజం ఊరికి చెప్పడానికి లేదు కదా. లైసెన్సు లేకుండా వేటకొచ్చిన పట్నంవాడొకణ్ని పట్టుకున్నారని అడవి శాఖ వాళ్లు చెప్పారు. చెప్పినవాళ్లలో ఒకడు అంతటితో ఊరుకున్నాడా? వాడి తుపాకీ పేలనే లేదని, అది ఫలానా షాపులో చేయించాడని కూడా సారాయి అంగట్లో నలుగురి ముందూ చెప్పాడు.

"వెర్నర్ తుపాకీ అటండీ! రెండుసార్లు టిక్కు టిక్కు అందట!"

వారం తిరక్కుండా అందరూ తమ తుపాకులు తిరిగి తీసుకుపోయారు. బొద్దింకల మందు రైతు కూడా వచ్చి మొహమాటంగా తన స్కోప్ పట్టుకుపోయాడు. చేసిన వాటిల్లోకెల్లా గొప్ప రైఫిల్ ప్రూయిట్ గారి సాక్ష్యాల గదిలో సీలు వేసుకుని ఉంది. అది పేలకపోవడంలో నా తప్పేం లేదయ్యా అని వెర్నర్ ఒక్కడికి కూడా చెప్పుకోలేడు.

ఖాళీ షాపులో పళ్లు కొరుక్కుంటూ కూర్చున్న పూట, ఎమిల్ తన పాత రైఫిల్ భుజాన వేసుకుని వచ్చాడు. బల్ల మీద పెట్టాడు.

"నువ్వలా అరిచేసరికి నా జింక పారిపోయింది అబ్బాయ్. ఇది చూడు, ఎడమకు లాగుతోంది. బాగుచెయ్."

"నా దగ్గరికెందుకొచ్చావు బాబాయ్? నా చేతి తుపాకులు పేలవని ఊరంతా కోడై కూస్తోంది, వినలేదా?"

"విన్నాను," అన్నాడు ఎమిల్, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "అలాంటి తుపాకీ ఒకటి చేశావు కాబట్టే ఇవాళ రొట్టెలు కాల్చి వచ్చాను. అయినా, ఇది మాత్రం పేలాలిరోయ్."