నాలుగో గది వెనక తలుపు

మా పెద్దమ్మ కొడుకు నడిపే డెయిరీలో ఆవులు ఈనడానికని నాలుగు గదులున్నాయి. మూడింటి గురించి చెప్పుకోవడానికేమీ లేదు. నాలుగో గది పేరెత్తితే మాత్రం అక్కడి జనం చేతిలో పని వదిలేసి అటూ ఇటూ చూస్తారు.

రెండేళ్ళలో ఆ గదిలో ఏడు ఆవులు ఈనాయి. నాలుగు చచ్చిపోయాయి. రోగమూ రొష్టూ ఏమీ లేదు — సాయంత్రం సుఖంగా ఈనింది, దూడని నాకింది, మేత మేసింది... తెల్లారేసరికి కట్టె. అదీ నాలుగూ ఒకే తీరు. మెడ వెనక్కి తిప్పి, మూతి డొక్కకి ఆనించి, వెనక గోడ వైపు చూస్తూ.

ఆ గోడకో చిన్న తలుపుంది. అవతల దాణా గది. మిగతా మూడు గదులకీ అటు తలుపు లేదు.

"అందులోంచి ఏదో వస్తుంది," అనేవాడు మిషన్ తాత. పాలు పితికే మిషన్లన్నీ ఆయన చేతిలో ఉంటాయి కాబట్టి ఆ పేరు. "వచ్చి నిలబడుతుంది... ఆవు తిరిగి చూస్తుంది... అంతే."

నేను పాల వ్యాన్ డ్రైవర్ని. రోజూ ఆరున్నరకి వెళ్ళి క్యాన్లు ఎక్కించుకుని వచ్చేస్తాను. ఇదంతా చాలావరకు అన్న నోట విన్నదే. చివరి ముక్క మాత్రం కళ్ళారా చూశాను. చూడకపోయినా బాగుండేది.

అన్నకి దెయ్యాల మీద నమ్మకం లేదు. ఆయన నమ్మకమంతా పశువుల డాక్టరు రాసిచ్చిన చార్టు మీద. ఏ ఆవుకి ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి, ఈనేముందు మూడు వారాలు ఏం పెట్టకూడదు... అంతా రాసి దాణా గది గోడకి అంటించాడు. ఎందుకు, ఏమిటి అని డాక్టర్ని అడగలేదు. రాసింది రాసినట్టు తూచి పెట్టించేవాడు.

పోయిన నాలుగింటికీ డాక్టరు చెప్పిన మాట ఒకటే — పాలజ్వరం. పేరుకే జ్వరం, ఒళ్ళు కాలదు, చల్లబడిపోతుంది. ఈనగానే ఒంట్లో కాల్షియమంతా పాలలోకి దిగిపోతుంది. కాళ్ళు లేవవు, మెడ పక్కకి వాలుతుంది, చివరికి గుండె ఆగుతుంది. వేళకి కనిపెట్టి మెడ నరానికి కాల్షియం సీసా ఎక్కిస్తే గంటలో లేచి నిలబడుతుంది.

"మరి నాలుగో గదిలోనే ఎందుకు డాక్టర్ గారూ?" అని అడిగాడు అన్న.

ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషాయన. ఆ ప్రశ్నకి మాత్రం తల గోక్కున్నాడు.

ఈ సంవత్సరం ఒక్క నెల రోజుల్లోనే ముప్ఫై ఆవులు ఈనాలి. అన్న నిద్ర మొహం చూసి ఎన్నాళ్ళయిందో. ఒక గదిలో మాయ పడలేదని, ఒక గదిలో దూడ కాలు వెనక్కి మడత పడిందని, ఇంకో దూడ ముర్రుపాలు తాగడం లేదని... మోచేతుల దాకా సబ్బు నురగతోనే తిరిగేవాడు.

అప్పుడు పెంకి వంతు వచ్చింది.

పెంకి అంటే ఆవే. తల్లి పోతే అన్నే సీసాతో పాలు పట్టి పెంచాడు. బకెట్ కనిపిస్తే తన్నాల్సిందే, అందుకే ఆ పేరు. అన్న కేకేస్తే మాత్రం షెడ్డు ఆ చివర్నుంచి వచ్చేది. "పెళ్ళాం పిలిస్తే పలకడు గానీ పెంకి అరిస్తే పరిగెడతాడు," అని వదిన దెప్పేది. మిగతా మూడు గదులూ నిండిపోయాయి. ఉన్నది నాలుగోదే. ఇష్టం లేకుండానే, ఈనడానికి రెండు వారాల ముందే పెంకిని అందులో కట్టాడు.

ఈనే రోజు దగ్గరపడ్డాక రాత్రి కాపలాకి ఎవరూ ఒప్పుకోలేదు. "మిగతా మూడు గదులూ నా నెత్తిన పెట్టండి బాబూ, ఆ ఒక్కటీ వద్దు," అని దణ్ణం పెట్టేశాడు మిషన్ తాత.

"సరే, ఆ వచ్చేదేదో నేనే చూస్తా," అని అన్నే టార్చిలైటు పట్టుకుని ఆ గది మూలలో గడ్డి మోపు మీద కూర్చున్నాడు.

పన్నెండు దాటింది. ఒంటిగంట. పక్క గదుల్లో నెమరు చప్పుడు తప్ప ఏమీ లేదు.

రెండున్నరకి పెంకి నెమరు ఆపేసింది.

చెవులు నిక్కించింది. మెల్లగా మెడ వెనక్కి తిప్పింది... ఆ చిన్న తలుపు వైపు.

అన్నకి ఏమీ వినబడలేదు. ఒక నిమిషం. రెండు నిమిషాలు... అప్పుడు వినిపించింది. నేల మీద ఏదో ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ వచ్చింది.

గడియ కదిలింది.

టార్చి నొక్కుదామంటే వేలు వంగలేదు. కుక్కిన పేనులా గోడకి అంటుకుపోయాడు. తలుపు జానెడు తెరుచుకుంది. ఆ సందులోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది — మణికట్టు దాకా తెల్లగా, సున్నంలో ముంచి తీసినట్టు.

పెంకి ఆ చేతిని నాకడం మొదలుపెట్టింది.

"తిను తల్లీ..." గుసగుస. "వాడికి చెప్పకు. కడుపుతో ఉన్నదానికి కొలిచి పెడతాడంట, కొలిచి! నా నోట్లో పళ్ళన్నీ కడుపులో ఉండగానే మా పిల్లలు తినేశారే. నీకా గతి పట్టకూడదు... వాడా కాగితం అంటించినప్పట్నుంచీ ఈ గదిలో అందరికీ పెడుతూనే ఉన్నాను... తిను."

పెద్దమ్మ!

మోకాళ్ళ నొప్పులతో కాళ్ళీడ్చుకుంటూ, ఇంటి వెనక నుంచి దాణా గదిలోకి వచ్చి, ఈనిన ఆవుల కోసం పెట్టిన కాల్షియం పొడి తవుడులో కలిపి, గుప్పెడు గుప్పెడు తినిపిస్తోంది. చార్టు వచ్చిన దగ్గర్నుంచీ ఇదే పనట. పగలు కొడుకు చూస్తే ఊరుకోడు మరి.

తనున్నానని ఆవిడకి తెలియకూడదని అన్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కడుపు పగిలేలా నవ్వుకున్నాడు. పొద్దున్న నేను వెళ్ళేసరికి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "ఒరేయ్ తమ్ముడూ, దెయ్యం దొరికిందిరా! పళ్ళు లేని దెయ్యం!"

"మరి ఆపమనలేదా?" అన్నాను.

"గుప్పెడు పొడికి ముసలి ప్రాణాన్ని ఉసూరుమనిపించడం ఎందుకురా," అన్నాడు.

నాకూ అదే న్యాయమనిపించింది. అది తల్చుకుంటే ఇప్పటికీ మనసు మనసులో ఉండదు.

మరో రెండు రాత్రులు అలాగే గడిచాయి. సరిగ్గా రెండున్నరకి పెంకి మెడ తిప్పడం, ఆవిడ రావడం, అన్న చీకట్లో కూర్చుని చూడటం. నాలుగో రోజు సాయంత్రం పెంకి ఈనింది. పెయ్యదూడ. తనకు తానే ఈనింది, ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. లేచి దూడని నాకింది. అలవాటు ప్రకారం బకెట్ తన్నింది. పదింటికి అన్న దాని చెవులు పట్టుకుని చూశాడు. వెచ్చగా ఉన్నాయి. గంటగంటకీ వచ్చి చూడాలనుకున్నాడు.

అనుకున్నాడు... పదకొండింటికి రెండో గదిలో ఒక తొలిచూలు ఆవుకి దూడ అడ్డం తిరిగింది. దాని లోపల చెయ్యి పెట్టి, అది ముక్కినప్పుడల్లా తాడు లాగుతూ మూడు గంటల పైనే అక్కడ ఉండిపోయాడు. సగంలో వదిలేసి వచ్చే పనా అది?

రెండున్నర ప్రాంతంలో తాడు ఒక్క నిమిషం మిషన్ తాతకి అప్పగించి, పరిగెత్తుకుంటూ వచ్చి నాలుగో గదిలోకి టార్చి వేశాడు.

పెంకి పడుకుని ఉంది. మెడ వెనక్కి తిప్పి ఉంది. ఆ చిన్న తలుపు వైపు.

ఒక అడుగు లోపలికి వేశాడు. అంతలోనే టైము చూసుకున్నాడు... నవ్వొచ్చింది. అమ్మ వచ్చే వేళ. గుప్పెడు కోసం ఎదురు చూస్తోంది, తిండిపోతు. టార్చి ఆర్పేసి మళ్ళీ రెండో గదికి పరిగెత్తాడు.

ఐదింటికి వచ్చేసరికి అది అలాగే ఉంది. అదే మెడ. అదే చూపు. చెవులు పట్టుకున్నాడు — మంచు ముక్కలు.

డాక్టరూ నేనూ ఒకేసారి గేట్లోకి వచ్చాం. సీసా వేడినీళ్ళలో పెట్టి, నరానికి సూది గుచ్చి, మెల్లగా ఎక్కించడం మొదలుపెట్టాడు. తొందరపడితే గుండె ఆగుతుందంటూ ఒక చెయ్యి దాని రొమ్ము మీదే ఉంచాడు. అన్న దాని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. "లేవే పెంకీ... తన్నవే... ఒక్కసారి తన్నవే నన్ను..." అంటూనే ఉన్నాడు. నేను సీసా ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. మందు బొట్టు బొట్టుగా దిగుతోంది. అంతకంటే మా చేతుల్లో ఏమీ లేదు.

సీసా సగం ఉండగానే డాక్టరు సూది తీసేశాడు.

కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ అడిగాడు. "తొట్టి అంచున ఆ తెల్ల పొడేంటయ్యా?"

అన్న చెప్పాడు.

డాక్టరు కొళాయి కట్టేశాడు. "ఎన్నాళ్ళ నుంచి?"

"చార్టు పెట్టినప్పట్నుంచీ... గుప్పెడేనండీ. బలమే కదా..."

"ఈనిన తర్వాత బలం. ఈనకముందు పెడితే..." ఆయన గొంతు తగ్గించాడు. "బయట నుంచి కాల్షియం అడక్కుండా వచ్చి పడుతుంటే, ఎముకల్లోంచి తీసుకోవడం ఒళ్ళు మర్చిపోతుందయ్యా. పాలు దిగిన రోజు ఒక్కసారి కావాలంటే తీసుకోలేదు. అందుకే మూడు వారాలూ వద్దని రాశాను. నాలుగింటికీ ఇదేనా?"

అన్న అవునన్నట్టు తలూపాడు. గోడకి ఆనుకుని కూలబడ్డాడు.

డాక్టరు వెళ్ళాక పెద్దమ్మ వచ్చింది. మోకాళ్ళు పట్టుకుంటూ, గోడ పట్టుకుంటూ. పెంకిని చూసి అక్కడే నేల మీద చతికిలబడింది. చాలాసేపు దాని వీపు నిమిరింది. తర్వాత అన్న చెయ్యి పట్టుకుంది.

"ఒరేయ్ నాన్నా... నీ దగ్గర దాచాను. రోజూ రాత్రి దీనికి గుప్పెడు బలం పెట్టేదాన్ని. నిన్న మోకాళ్ళు లేవక రాలేకపోయానురా. నిన్న కూడా వచ్చి పెట్టి ఉంటే... బతికేదా?"

అన్న ఆవిడ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆయన మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

"లేదమ్మా," అన్నాడు. "నీ వల్ల ఏం కాలేదు. మిషన్ తాత చెప్పిందే నిజం. ఆ గదిలో... ఏదో ఉంది. నువ్విక రాత్రిళ్ళు ఇటు రావద్దు."

పెద్దమ్మ ఆ చిన్న తలుపు వైపు చూసింది. భయపడుతుందేమో అనుకున్నాను. కళ్ళు తుడుచుకుని, నా భుజం ఊతగా పట్టుకుని లేచి నిలబడింది.

"అయితే మిగతావాటిని ఈ గదిలో కట్టకు. ఆ మూడు గదుల్లోనే సర్దు. ఇంకా పదకొండున్నాయి కదూ? ఒక్కదాన్ని కూడా దానికి వదలను. మోకాళ్ళు పోతే పోనీ... ప్రతి రాత్రీ నేనే వచ్చి, నా చేత్తో తినిపించి, దగ్గర కూర్చుంటాను."