ఇద్దరికీ ఒకే ఎర్ర స్వెటర్

నవంబరు చేపల విందు రోజున, లూథరన్ చర్చి కింది హాల్లో, మారెన్ ఎక్‌లండ్‌కి ఉన్నట్టుండి ఒక అన్నయ్య ఊడిపడ్డాడు.

"అమ్మాయ్, మీ అన్నయ్య వచ్చాడు. చోటు చూపించు," అంది తలుపు దగ్గర కూర్చున్న డోరిస్ మామ్మ.

మారెన్ చేతిలో కరిగిన వెన్న గిన్నె ఉంది. అది ఒలక్కుండా వెనక్కి తిరిగింది. "నాకు అన్నయ్య లేడు మామ్మా. చంకలో పిల్లగా ఉన్నప్పట్నుంచీ చూస్తున్నావు నన్ను."

"మరి ఇతనెవరు?"

గుమ్మంలో ఒక పొడుగాటి మనిషి టోపీ మీది మంచు దులుపుకుంటున్నాడు. డోరిస్ మామ్మని తప్పు పట్టడానికి లేదు. ఆ హాల్లో నూట అరవై మంది ఉన్నారు. నూట యాభై ఎనిమిది మందిని పాలూ పిండీ కలిపి చేసినట్టుంటారు. కొరియా మొహాలు రెండే. వాటిలో ఒకటి, పసిగుడ్డుగా ఈ ఊరికి దత్తతకొచ్చిన మారెన్‌ది. రెండోది ఈ మనిషిది.

"ఇవర్ నైగార్డ్," అన్నాడతను. "ఆవుల గిట్టలు కత్తిరిస్తాను. ఈ ఊరికి కొత్త. వచ్చీ రాగానే చెల్లెలు కూడా దొరికినట్టుంది."

"పక్క వీధిలో ఇంకో చర్చి ఉంది. అక్కడికెళ్లి వెతుక్కో."

"ప్రభువు ఇంట్లో తోబుట్టువులు కొట్టుకోకూడదు," అని డోరిస్ మామ్మ ఇద్దర్నీ ఒకే బల్ల దగ్గరికి తోసింది.

కంచాల్లో క్షారంలో నానబెట్టి వండిన చేప జెల్లీలా వణుకుతోంది. దాన్ని చూసి ఇవర్ కూడా కొంచెం వణికాడు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన వాళ్లిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. మినసోటాలో ఆ చూపు తర్వాత ఏ ప్రశ్న వస్తుందో ఇద్దరికీ చిన్నప్పట్నుంచీ తెలుసు.

"మీరు ఎక్కడివాళ్లు బాబూ?"

"ఫెర్గస్ ఫాల్స్," అన్నాడు ఇవర్.

"అది కాదు. అంతకుముందు?"

"అంతకుముందు మా అమ్మ కారు వెనక సీట్లో ఉన్నానండి."

"అసలు అంటే... అసలు?"

మారెన్‌కి ముక్కు మీద కోపం. కానీ ఆ రోజు ఎందుకో నవ్వొచ్చింది. "అసలు సంగతి ఏంటంటే బాబాయ్, మేమిద్దరం సర్కస్ నుంచి పారిపోయి వచ్చాం. నేను కత్తులు విసిరేదాన్ని. ఇతను ఎదురుగా నిలబడేవాడు."

పెద్దాయన చెంచా దించి ఇవర్ వైపు జాలిగా చూశాడు. "కష్టమైన పనే నాయనా."

"చాలాసార్లు గురి తప్పిందండి," అన్నాడు ఇవర్ చెవి తడుముకుంటూ.

ఆ తడుముకోవడం చూసి మారెన్ చేప గొంతుకి అడ్డం పడేలా నవ్వింది. అంతే. అలాంటి జబ్బు అలాగే మొదలవుతుంది.

*

మారెన్ సెయింట్ పాల్‌లో స్కూలు బస్సు నడుపుతుంది. యాభై మంది పిల్లల్ని అద్దంలో ఒక్క చూపుతో కూర్చోబెట్టగలదు. ఇవర్ మాత్రం ఆ చూపుకి లొంగలేదు. డిసెంబరంతా ఏదో ఒక వంకతో ఆమె బస్సు డిపో చుట్టూ తిరిగాడు. జనవరిలో ధైర్యం చేసి కొరియా హోటల్‌కి పిలిచాడు.

హోటలావిడ వాళ్ల మొహాలు చూడగానే కళ్లు పెద్దవి చేసి, గబగబా ఏదో అడిగింది. మారెన్ ఇవర్ వైపు చూసి తలూపింది. ఇవర్ మారెన్ వైపు చూసి తలూపాడు. ఆవిడ సంబరంగా లోపలికి పరుగెత్తింది.

"ఏమడిగింది?" అన్నాడు ఇవర్.

"నాకేం తెలుసు? నీకర్థమైందనుకున్నా. తలూపావుగా!"

"నువ్వూపావని ఊపాను. నాకు నార్వే భాషలో మూడు ప్రార్థనలొచ్చు. అంతే."

పది నిమిషాల్లో నలుగురికి సరిపడా పేగుల పులుసు పొగలు కక్కుతూ వచ్చింది. తినడానికిచ్చిన స్టీలు పుల్లలు ఇవర్ వేళ్ల మధ్య నుంచి రెండుసార్లు జారి కింద పడ్డాయి. మూడోసారి హోటలావిడ ఏమీ అనకుండా ఒక ఫోర్కు తెచ్చి కంచం పక్కన పెట్టింది. ఆవిడ మొహంలో జాలి చూసి ఇద్దరూ తలొంచుకున్నారు. చర్చిలో తెల్లవాళ్ల మధ్య ఎక్కువైన మొహం ఇక్కడ సొంతవాళ్ల మధ్య చాలకుండా పోయింది. దానికి చేసేదేముంది? పులుసు మొత్తం తాగేశారు.

బయట వాన మొదలైంది. వాన అంటే వాన కాదు, సగం మంచు. కారు తలుపు గడ్డకట్టి రాలేదు. ఇవర్ దాన్ని లాగుతూ జారి, సరిగ్గా మారెన్ మీదికొచ్చి ఆగాడు. ఆమె కనురెప్ప మీద ఒక మంచు పలుకు కరుగుతోంది. అతను దాన్నే చూస్తున్నాడు. ఆమె అతని పెదవుల వైపు చూసింది. మధ్యలో బెత్తెడు దూరం. అది అంగుళానికొచ్చింది.

"ఆగు," అంది మారెన్. "ముందు ఉమ్మాలి."

"ఏంటీ?"

"మనవాళ్లలో అదే పద్ధతి."

దత్తు పిల్లల సంఘమొకటి ఆ ఊళ్లో నెలకోసారి బౌలింగ్ హాల్లో కలుస్తుంది. అందరూ కొరియాలో పుట్టినవాళ్లే, అందరివీ స్కాండినేవియా పేర్లే. ఆ సంఘంలో ఇద్దరు జంట కట్టాలనుకుంటే ముందు డీఎన్‌ఏ గొట్టంలో ఉమ్మి పంపాలి. ఒక జంట పెళ్లి కార్డులు అచ్చేయించుకున్నాక సగం రక్తం కలిసే అన్నాచెల్లెళ్లని తేలినప్పట్నుంచీ ఈ కట్టుబాటు. క్షవరాల కొట్టు నడిపే సోల్వెగ్ అనే ఆవిడ ఆ గొట్టాల పెట్టె తన దగ్గరే పెట్టుకుంటుంది.

"నువ్వెప్పుడైనా పంపావా?" అన్నాడు ఇవర్.

"లేదు. నాకు అవసరం రాలేదు. అంటే... అంతవరకూ ఎవరితోనూ రాలేదు."

ఆ మాటకి ఇవర్ వానలోనే పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

*

మర్నాడు సోల్వెగ్ కొట్లో పక్క పక్క కుర్చీల్లో కూర్చుని ఇద్దరూ ఉమ్మడం మొదలుపెట్టారు.

"గీత దాకా నిండాలి. నురగ లెక్కలోకి రాదు," అంది సోల్వెగ్ ఎవరికో జుట్టుకి రంగేస్తూ.

"నా నోరు ఎండిపోయింది," అంది మారెన్.

"చేపని తలుచుకో," అన్నాడు ఇవర్.

"దాన్ని తలుచుకుంటే వేరేది వస్తుంది."

"ఎంత శృంగారంగా ఉన్నారో," అని సోల్వెగ్ కళ్లు తిప్పి, రెండు కాగితాలు వాళ్ల ముందు పడేసింది. "మీ దత్తత ఫైల్లో ఏం రాసుందో రాయండి. సంఘం దగ్గర ఉంచుతాం."

మారెన్‌కి చూసి రాయాల్సిన పని లేదు. చిన్నప్పుడు రోజూ పడుకునే ముందు అమ్మ చేత చెప్పించుకున్న నాలుగు ముక్కలు. పైకి చదువుతూ రాసింది. "డేగు నగరంలో పోలీసు చౌకీ మెట్ల మీద దొరికింది. ఎర్ర స్వెటర్‌లో చుట్టి ఉంది. జేబులో పుట్టిన తేదీ రాసిన చీటీ. ఏడవడం లేదు, నవ్వుతోంది."

ఇవర్ కలం ఆగింది.

"ఆ నవ్వుతోంది అన్నదే నాకిష్టం," అంది మారెన్. "ఆ స్వెటర్ మా అమ్మే అల్లి ఉంటుంది. కన్నమ్మ. పిల్లకి చలేస్తుందని ఆలోచించిన మనిషి. ఏం, అలా అయిపోయావ్?"

ఇవర్ తన కాగితం ఆమె వైపు తిప్పాడు. డేగు. పోలీసు చౌకీ మెట్లు. ఎర్ర స్వెటర్. చీటీ. ఏడవడం లేదు, నవ్వుతున్నాడు. తేదీలో మాత్రం పద్నాలుగు నెలల తేడా.

సోల్వెగ్ బ్రష్షు నుంచి రంగు బొట్లు బొట్లుగా నేల మీద పడింది. "రెండు సంగతుల్లో ఒకటి," అంది నెమ్మదిగా. "ఒకే తల్లి ఇద్దర్నీ ఒకే చోట వదిలి ఉండాలి. లేదా అక్కడ గుమాస్తా ఎవరో ఒకే కథ అందరికీ రాసి పారేసి ఉండాలి."

అన్న అయితే, ఈ భూమ్మీద మారెన్‌కి తన రక్తమంటూ ఒక మనిషి దొరుకుతాడు, ఆ తల్లి నిజమవుతుంది. కానీ ఇవర్ పోతాడు. అన్న కాకపోతే ఇవర్ మిగులుతాడు. స్వెటరూ, చీటీ, నవ్వూ, అల్లిన చేతులూ అన్నీ పోతాయి.

"ఎన్నాళ్లు పడుతుంది?" అంది.

"ఆరు వారాలు."

*

ఆ ఆరు వారాలు వాళ్లంత మర్యాదస్తులు ఆ రాష్ట్రంలో లేరు. సినిమాకెళితే మధ్య కుర్చీలో కోట్లు కూర్చున్నాయి. విడిపోయేటప్పుడు బ్యాంకు మేనేజర్లలా చేతులు కలుపుకున్నారు. ఇవర్ ఒకసారి అలవాటు చేసుకుందామని "వెళ్లొస్తా చెల్లాయ్" అన్నాడు. మారెన్ మందపాటి చేతితొడుగు తీసి అతని మొహాన కొట్టింది.

"మరి ఏమని పిలవను?"

"పిలవకు! దగ్గు. నేను తిరిగి చూస్తాను."

ఫిబ్రవరి ఆఖర్లో ఒక ఆదివారం మారెన్ వాళ్లమ్మ గుద్రన్ దగ్గరికెళ్లింది. గుద్రన్ పొడుగాటి కర్రతో పెనం మీది బంగాళాదుంప రొట్టె తిప్పుతోంది. మారెన్ అంతా చెప్పింది. తల్లి రొట్టె మాడనిచ్చింది. ఆ ఇంట్లో రొట్టె మాడటం అదే మొదటిసారి.

"అతను అన్నయ్యే అని తేలితే నీకు సంతోషమేనా అమ్మా?"

"ఎందుకుండదు? చాలా సంతోషం." గుద్రన్ కర్ర కింద పెట్టింది. "అబద్ధం. సంతోషం లేదు. నీకు ఎవరూ దొరక్కూడదని నా మనసులో ఒక మూల ఉంది. ఎప్పట్నుంచో ఉంది. నీకు రోజూ ఆ స్వెటర్ కథ చెబుతున్నప్పుడు కూడా, ఆవిడెవరో మంచిదే గానీ రాకుండా ఉంటే బాగుండు అనుకునేదాన్ని. పాపిష్టిదాన్ని అనుకో."

మారెన్ తల్లి చేతి మీది పిండి తుడిచింది. ఇరవై తొమ్మిదేళ్లలో తనతో అంత నిజం ఆవిడెప్పుడూ మాట్లాడలేదు.

"అలా అనుకునేదానివని ముందే చెబితే, నేనూ చెప్పేదాన్ని," అంది మారెన్.

"ఏమని?"

"నీ మీద కోపమొచ్చినప్పుడల్లా, ఆవిడైతే ఇలా తిట్టదు అనుకునేదాన్ని."

"ఓసి దొంగమొహమా! ఆవిడకేం, నిన్ను పెంచలేదుగా!" గుద్రన్ నవ్వబోయి ఏడ్చింది. ఏడుపు ఆపుకోవడానికి మాడిన రొట్టెనే వెన్న రాసి తినేసింది. తర్వాత మూతి తుడుచుకుంటూ అడిగింది. "సరే, అన్న కాదని తేలిందనుకో. అప్పుడో?"

"అప్పుడు పెళ్లి కొడుకుని తెస్తా."

"ఆవుల దగ్గర పని అన్నావుగా. బూట్లు బయట విప్పించి తీసుకురా."

*

మార్చిలో ఒక గురువారం మధ్యాహ్నం ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. ఫలితం వచ్చింది. ఇద్దరూ కలిసే తెరవాలని ఒప్పందం. ఇవర్ అరవై మైళ్ల అవతల ఒక పాడి ఆవుల కొట్టంలో ఉన్నాడు. మారెన్ గడ్డకట్టే వానలో, దారంతా ఎదురొచ్చిన ప్రతి లారీనీ తిట్టుకుంటూ వెళ్లింది.

ఇవర్ ఇనప చట్రంలో ఒక ఆవుని నిలబెట్టి, వెనక కాలు బెల్టుతో పైకి కట్టి, గిట్ట చెక్కుతున్నాడు. ఆమెను చూడగానే కత్తి పారేశాడు.

"నువ్వు ముందు," అన్నాడు.

"ఇద్దరం. మూడు లెక్కపెడతా."

తెరిచారు. మారెన్ ఫోన్‌లో ఒకే ఒక వాక్యం ఉంది. దగ్గరి బంధువులు లేరు.

"నాకు ఒకావిడ ఉంది!" ఇవర్ గొంతు చించుకున్నాడు. "ఒహాయోలో డెబ్బీ అట. ఏ తరంలోనో కలుస్తుంది. నువ్వు లేవు! మారెన్, నువ్వు నాకేమీ కావు! ఒక్క చుక్క కూడా కలవదు!"

అతను ఆ పేడలోనే ఒక గంతు వేశాడు. రెండో గంతు సగంలో ఆగిపోయింది. మారెన్ గడ్డి మోపు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"నేను నీ అన్నని కాననా?"

"కాదు. అదొక్కటే మంచి జరిగింది." ఆమె ముక్కు తుడుచుకుంది. "స్వెటర్ పోయింది ఇవర్. అల్లిన మనిషి పోయింది. ఎవడో గుమాస్తా అన్నం తిన్నాక కునుకుతూ రాసినదాన్ని నేను ఇన్నేళ్లు తలగడ కింద పెట్టుకున్నా."

ఇవర్ వచ్చి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "రెండూ అబద్ధమే అవ్వాలని ఏముంది? ఎవరిదో ఒకరిది నిజమైతేనేగా రెండోది చూసి రాసింది. నిజమైనది నీదే అనుకో. నాది వదిలేసుకుంటున్నా. నాకు ఎరుపు నప్పదు కూడా."

"జాలి పడకు."

"పడట్లేదు. నాకు ఆ కథ మీద ఎప్పుడూ నమ్మకం లేదు. చలిలో మెట్ల మీద పడున్న పిల్లాడు నవ్వడమేంటి?"

ఆమె ఏడుస్తూనే నవ్వింది. నవ్వి మళ్లీ ఏడ్చింది. "నవ్వుతూ దొరికానని, ఎవరు ఏమన్నా నవ్వేదాన్ని బళ్లో. ఆ పిల్లని నేనే అనుకుని. ఇప్పుడు నేనెవర్నో నాకు తెలీదు. నీకు మాత్రం ఏం తెలుసని చేసుకుంటావు నన్ను?"

ఇవర్‌ది తొందరపడి మాట్లాడే నోరు. ఈసారి తొందరపడలేదు.

"జనవరి పదకొండున బస్సు డిపోలో, ఎవరూ చూడట్లేదనుకుని నీ బస్సుకి గుడ్‌నైట్ చెప్పావు," అన్నాడు. "నేను కంచె అవతలే ఉన్నా. చెవులు చలికి ఎర్రబడితే టోపీ పెట్టుకోవు, చెవుల్నే తిడతావు. అబద్ధం చెప్పే ముందు ఎడం వైపు చూస్తావు. నిజం చెప్పే ముందు నా బొత్తాం పట్టుకుంటావు. సినిమాలో కుక్క చచ్చిపోతుందని ముందే తెలిస్తే బయటికెళ్లి నిలబడతావు. ఇవేవీ ఎవడో రాస్తే చూసి చెప్పట్లేదు. నేను అక్కడున్నా. కళ్లారా చూశా."

మారెన్ ఏడుపు ఆగిపోయింది. ఆమె చెయ్యి దానంతటదే అతని చొక్కా బొత్తాం మీదికి వెళ్లింది. ఆ బొత్తాం పట్టుకునే దగ్గరికి లాగింది. ఆరు వారాలు మర్యాదగా దాచుకున్న ముద్దు కాబట్టి అది చాలాసేపు సాగింది. పేడ వాసన ఇద్దర్లో ఒక్కరికీ రాలేదు.

చట్రంలో ఆవు విసిగిపోయి అరిచింది.

"ముందు దాని కాలు దించు," అంది మారెన్.

ఇవర్ వెళ్లి బెల్టు విప్పి, తిరిగొచ్చి ఆమె పక్కన గడ్డి మోపు మీద కూర్చున్నాడు. మారెన్ పసిపిల్లలా కాళ్లు రెండూ పైకి ముడుచుకుని, అతని కోటులోకి దూరింది.

"ఊఁ," అంది. "ఇంకా చెప్పు."