తోక రాకముందే

"ఇవాళ వేదిక మీదే ఒక మనిషిని చంపుతారు బావా. ఎలాగో మాత్రం తెలీదు."

చీఫ్ ఆ మాట చెప్పి కుర్చీ చూపించాడు. తాబేలు కూర్చోలేదు. కూర్చుంటే లేవడం కష్టం. ఆయన మోకాళ్లు ఈ ఉద్యోగం ఎప్పుడో మానేశాయి.

తాబేలు అన్నది డిపార్ట్‌మెంట్ ఇచ్చిన కోడ్‌నేమ్. చీఫ్ ఆయన భార్యకు సొంత తమ్ముడు కాబట్టి, అతనొక్కడే బావా అంటాడు.

"ఎవర్ని?"

"ఆయుధాల ఇన్‌స్పెక్టర్‌ని. దొంగచాటుగా ఆయుధాలమ్మే విదేశీ ముఠాకి నాయకుడెవరో ఇవాళ సభలో చెప్పేస్తాడు. ఆ పేరు నోట్లోంచి రాకముందే లేపేయాలని వాళ్ల ప్లాను. ప్రసంగం ఒక్కటే కాపీ. కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. నాక్కూడా చూపించలేదు."

"నా వేషం?"

"ఎప్పటిదే. ఇంగ్లీషు నుంచి ఫ్రెంచికి దుబాసీ. బూత్‌లో నీకు తోడు చిలక."

"నన్నెప్పుడు వదుల్తావురా?"

"అక్కనడుగు. నువ్వు రోజంతా ఇంట్లో ఉంటే తన వల్ల కాదంది."

తాబేలు నిట్టూర్చాడు. చీఫ్ ఇచ్చిన ట్రాన్స్‌మిటర్ వాచీ పెట్టుకుని బయల్దేరాడు.

దుబాసీల బూత్ హాలుకి పైన, గోడకు తగిలించిన అద్దాల పెట్టెలా ఉంది. తలుపు వేస్తే బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలి అరుపు బయటికి పోదు. వాచీ నొక్కి చూశాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

చిలక అప్పటికే వచ్చి కూర్చుంది. ఆకుపచ్చ సిల్కు బట్టలు, ఖరీదైన సెంటు. తోటి దుబాసీలు పెట్టిన పేరది. పని నేర్పింది తాబేలే.

"రాత్రి నిద్రపోలేదా మాస్టారూ?"

"ప్రయత్నించానమ్మాయ్."

"మొహం చూస్తే ఓడిపోయినట్టున్నారు."

ఇంగ్లీషు క్రియలకు తోకలుంటాయి. టర్న్ అన్నంత మాత్రాన ఏమీ తేలదు. వెనక డౌన్ వస్తే కాదన్నట్టు, అప్ వస్తే హాజరైనట్టు, ఇన్ వస్తే పోలీసులకు అప్పగించినట్టు. ఆ తోక ఒక్కోసారి వాక్యం చివర్న గాని రాదు. ఫ్రెంచికి తోకల్లేవు. తోక తోకకూ వేరే మాట కావాలి. రఫ్యూజే, అరివే, రెమెత్ర్. పైగా ఆ మాట వాక్యం మొదట్లోనే పడాలి. అందుకని దుబాసీ నోరు కట్టుకుని తోక కోసం కాచుక్కూర్చోవాలి. తాబేలు చిలకకి నేర్పిన మొదటి పాఠం అదే.

ఇన్‌స్పెక్టర్ మైకు ముందుకొచ్చాడు. మొదటి వంతు చిలకది.

ఇన్‌స్పెక్టర్ ఇంగ్లీషులో టర్న్ అని మొదలుపెట్టి, ముఠా తన ఇంటికి పంపిన మనిషి గురించి చెప్పుకుపోతున్నాడు. వాడి గడ్డం, వాడి నవ్వు, వాడు తెచ్చిన పెట్టె. తోక ఇంకా రాలేదు. చిలక ఫ్రెంచిలో అనేసింది, "పోలీసులకు అప్పగించాను."

ఆ తర్వాత ఎప్పటికో ఇన్‌స్పెక్టర్ ఇన్ అన్నాడు.

గుడ్డివాడి చేతి రాయిలా తగిలిందేమోలే అనుకున్నాడు తాబేలు. నమ్మాలనే ఉంది. అలిసిపోయిన మనిషికి నమ్మడం తేలిక.

ఇన్‌స్పెక్టర్ ఈసారి పుట్ అన్నాడు. తన తనిఖీ గురించి, గోదాముల గురించి, పైవాళ్ల గురించి సాగదీశాడు. చిలక తడుముకోకుండా "వాయిదా వేశారు" అంది. ఆఫ్ అన్న తోక తాపీగా వచ్చింది.

తాబేలు చిలక వైపు తిరిగాడు. దుబాసీ పందెం కాయడు. ఈ పిల్ల వింటూ చెప్పడం లేదు. ప్రసంగం ముందే చదివింది. అంటే ఆ కోటు జేబులో చెయ్యి పెట్టింది.

కింద ఇన్‌స్పెక్టర్ ఆగాడు. ఛాతీ రుద్దుకున్నాడు. "ఇక ఆ పేరు చెబుతాను" అంటూ అదే జేబులోంచి గుండె మాత్రల డబ్బీ తీశాడు.

మెట్లు దిగి పరిగెత్తే మోకాళ్లు కావు. తాబేలు తన మైకు నొక్కాడు. చిలక మైకు దీపం ఆరిపోయింది.

దుబాసీ ఎప్పుడూ 'ఆయన' అనడు. 'నేను' అంటాడు. మాట్లాడే మనిషి ఏమంటే అదే. తాబేలు చప్పటి గొంతుతో ఫ్రెంచిలో అన్నాడు:

"అధ్యక్షురాలు గారూ, నా చేతిలో ఉన్న మాత్ర విషం. దయచేసి నన్ను మింగనివ్వకండి."

ఇన్‌స్పెక్టర్ పక్క కుర్చీలో ఉన్న అధ్యక్షురాలికి ఫ్రెంచి తప్ప ఇంకో ముక్క రాదు. చెవిలో ఇయర్‌ఫోను ఉంది. ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయింది. మాత్ర పెదవుల దాకా వచ్చేసింది. ఆవిడ భారీ మనిషి. లేచి ఒక్కటిచ్చుకుంది. మాత్ర ఒకవైపు, కళ్లజోడు ఒకవైపు ఎగిరిపడ్డాయి.

తాబేలు పక్కటెముకలకు చల్లగా ఏదో ఆనింది. చిలక చేతిలో లిప్‌స్టిక్ గొట్టం. అది పెదాలకు పూసేది కాదని ఆయనకు తెలుసు. మైకు ఆన్‌లో ఉంది. పేలిస్తే ఆ చప్పుడు హాల్లో ఫ్రెంచి వింటున్న ప్రతి చెవిలోనూ పడుతుంది. అందుకని ఆయన మాట్లాడటం ఆపలేదు.

"ఇంకొక మనవి. పైన బూత్‌లో నా మాటలు చెబుతున్న ముసలాయనకి కూడా కాస్త సాయం పంపించండి."

చీఫ్ మనుషులు తలుపు తోసుకొచ్చేదాకా ఆ మైకు ఆరలేదు. చిలక గొట్టం బల్ల మీద పెట్టేసింది.

"ఎక్కడ దొరికాను మాస్టారూ?"

"తోక రాకముందే అనేశావు."

"మీరు మాత్రం? ఆయన అననే అనని మాట అన్నారుగా."

"అన్నాను. ఇన్నేళ్లలో ఇదే మొదలు." తాబేలు ఇయర్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. "ఎందుకమ్మాయ్?"

"పొద్దస్తమానం ఇంకొకళ్ల మాటలే మాస్టారూ. నా మాట ఏంటని అడిగింది వాళ్లొక్కళ్లే."

చీఫ్ మనుషులు ఆమెకు బేడీలు వేశారు. తాబేలు వాటి మీద ఆమె స్కార్ఫ్ కప్పాడు.

కింద ఇన్‌స్పెక్టర్ ముఠా నాయకుడి పేరు చెప్పేశాడు. చివరి వరుసలో కూర్చున్న ముఠా మనుషులు తలుపుల దగ్గరే పట్టుబడ్డారు. సభ అయ్యాక ఇన్‌స్పెక్టర్ బుగ్గ తడుముకుంటూ పైకొచ్చాడు.

"ఏమయ్యా, ఆవిడ నన్ను కొట్టి, కావలించుకుని ఏడ్చింది. ఇంతకీ ఫ్రెంచిలో నేనేమన్నాను?"

"బతకాలనుందన్నారు సార్," అన్నాడు తాబేలు. "అనువాదంలో తప్పేమైనా ఉంటే చెప్పండి, దిద్దుకుంటాను."